లినక్స్ సర్వర్‌పై రాబిట్‌ఎంక్యూ పెట్టాక దాన్ని నమ్మవచ్చో లేదో ఎలా తేల్చుకోవాలి?

రాబిట్‌ఎంక్యూ అంటే ఒక ప్రోగ్రాం పంపిన సందేశాలను క్యూలో (వరుసలో) ఉంచి ఇంకొక ప్రోగ్రాంకు అందించే సాఫ్ట్‌వేర్, అంటే బ్రోకర్. మీరు అడిగినవి రెండు విషయాలు. ఉబుంటు సర్వర్‌పై రాబిట్‌ఎంక్యూ పెట్టాక సందేశాలు బాగానే వెళ్లి వస్తున్నా, సర్వర్‌ను రీబూట్ చేసినప్పుడు క్యూలో మిగిలి ఉన్నవి కనిపించకుండా పోయాయి, ఎందుకన్నది మొదటిది. మళ్లీ అలా జరగదని నిర్ధారించుకోవడానికి ఏ పరీక్షలు చేయాలన్నది రెండోది. ఆర్డర్లు తీసుకునే ఒక వెబ్‌సైట్‌కు బిల్లులు తయారుచేయడం, ఎస్సెమ్మెస్‌లు పంపడం వంటి పనులను కొన్నేళ్లుగా రాబిట్‌ఎంక్యూ మీదే నడుపుతున్నాను కనుక ఆ అనుభవం నుంచే రాస్తున్నాను. అంతా సవ్యంగా ఉన్న వేళ సందేశం చేరిందని చూసుకుంటే పరీక్ష పూర్తయినట్లు కాదు. పంపే ప్రోగ్రాం, మధ్యలోని బ్రోకర్, అందుకునే వర్కర్, ఈ మూడింటిలో ఒక్కొక్కదాన్నీ పని మధ్యలో పడగొట్టి, పంపినవెన్ని, అందినవెన్ని అని లెక్క చూడాలి. సెట్టింగులలో ఏవి అవసరమో, ఏవి అలంకారమో ఆ లెక్కే చెబుతుంది.

ఇన్‌స్టలేషన్ గురించి క్లుప్తంగా చెబుతాను. ఉబుంటు సొంత రిపాజిటరీలలో దొరికే వెర్షన్ తరచుగా పాతదై ఉంటుంది కనుక, రాబిట్‌ఎంక్యూ బృందం నిర్వహించే రిపాజిటరీ నుంచే రాబిట్‌ఎంక్యూను, అది నడవడానికి కావలసిన ఎర్లాంగ్ భాషా ప్యాకేజీలో దానికి సరిపడే వెర్షన్‌ను తీసుకోవడం మేలు. ఉదాహరణకు 4.0 వెర్షన్‌కు కనీసం ఎర్లాంగ్ 26.2 కావాలి. రెండు ప్యాకేజీలనూ ఏప్ట్‌లో (ఉబుంటు ప్యాకేజీ మేనేజర్) హోల్డ్ చేసి, అంటే వెర్షన్ మారకుండా ఆపి ఉంచితే, మామూలు సెక్యూరిటీ అప్‌డేట్లతో పాటు ఎర్లాంగ్ ఒక్కటే మీకు తెలియకుండా మారిపోవడం జరగదు.

ఇన్‌స్టాల్ చేయడానికి ముందే సర్వర్ హోస్ట్‌నేమ్ ఖరారు చేసుకోండి. మీ సమస్యకు ఇదొక కారణం కావచ్చు. రాబిట్‌ఎంక్యూ నోడ్ (నడుస్తున్న ఒక బ్రోకర్) పేరులో హోస్ట్‌నేమ్ భాగంగా ఉంటుంది, డేటా దాచుకునే డైరెక్టరీకి కూడా ఆ నోడ్ పేరే పెట్టుకుంటుంది. క్లౌడ్ మెషిన్‌లో రీబూట్ తర్వాత హోస్ట్‌నేమ్ మారిపోతే, బ్రోకర్ కొత్త పేరుతో ఖాళీ డైరెక్టరీ తెరుచుకుని, యూజర్లు, క్యూలు, సందేశాలు ఏవీ లేని కొత్త నోడ్‌లాగా లేస్తుంది. పాత డేటా ఎక్కడికీ పోదు, పక్క డైరెక్టరీలోనే ఉంటుంది. వార్, లిబ్ కింద ఉన్న రాబిట్‌ఎంక్యూ డైరెక్టరీలోకి వెళ్లి, మ్నీషియా (mnesia) డైరెక్టరీలో రెండు నోడ్ పేర్లు కనిపిస్తున్నాయేమో మొదట చూడండి. కనిపిస్తే హోస్ట్‌నేమ్‌ను పాత పేరుకు మార్చి సర్వీసును రీస్టార్ట్ చేస్తే సరిపోతుంది.

యూజర్ల సంగతి: గెస్ట్ అనే యూజర్ 3.3.0 వెర్షన్ నుంచి డిఫాల్ట్‌గా అదే మెషిన్ లోపలి నుంచి మాత్రమే లాగిన్ కాగలదు. వేరే మెషిన్ నుంచి కనెక్షన్ కుదరడం లేదని చాలామంది ఆ ఆంక్షను తీసేస్తుంటారు. అది మంచి పద్ధతి కాదు. కొత్త వర్చువల్ హోస్ట్ (బ్రోకర్ లోపల క్యూలను విడిగా ఉంచే భాగం), కొత్త యూజర్ సృష్టించి, ఆ యూజర్‌కు కాన్ఫిగర్, రైట్, రీడ్ అనే మూడు అనుమతులు విడివిడిగా ఇచ్చి, గెస్ట్‌ను తొలగించండి. ఫైర్‌వాల్‌లో 5672 పోర్టును అప్లికేషన్ సర్వర్లకు మాత్రమే తెరవండి. మేనేజ్‌మెంట్ పేజీ ఉండే 15672ను బయటికి తెరవకుండా ఎస్ఎస్‌హెచ్ టన్నెల్ ద్వారా చూసుకోవచ్చు. ఒకే నోడ్ ఉన్నంతవరకు నోడ్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే 4369, 25672 పోర్టులతో బయటివారికి పనిలేదు. తెరవగలిగే ఫైళ్ల పరిమితి పెంచాలనుకుంటే, లిమిట్స్ డాట్ కాన్ఫ్‌లో రాసినది సిస్టమ్‌డీ నడిపే సర్వీసుకు వర్తించదని గుర్తుంచుకోవాలి. సర్వీసు ఓవర్‌రైడ్ ఫైలులో లిమిట్‌నోఫైల్ విలువను మార్చాలి.

ఇక రీబూట్ తర్వాత సందేశాలు పోవడానికి మరింత తరచుగా కనిపించే కారణానికి వస్తాను. క్యూను డ్యూరబుల్‌గా ప్రకటించినంత మాత్రాన అందులోని సందేశాలు నిలుస్తాయనుకోవడం చాలామందికి ఉన్న అపోహ. డ్యూరబుల్ అన్న లక్షణం క్యూ నిర్వచనానికి సంబంధించినది. రీబూట్ తర్వాత క్యూ ఉంటుంది, కానీ ఖాళీగా ఉండవచ్చు. క్లాసిక్ క్యూలో (మామూలు రకం క్యూ) సందేశం కూడా నిలవాలంటే, పంపేటప్పుడు దాని డెలివరీ మోడ్‌ను 2గా, అంటే పెర్సిస్టెంట్‌గా పెట్టాలి. ఆ తర్వాత కూడా ఒక సందు మిగులుతుంది. పంపే ప్రోగ్రాం సందేశాన్ని సాకెట్‌లో రాసి ముందుకు వెళ్లిపోతుంది, అది డిస్క్ చేరేలోపు బ్రోకర్ పడిపోవచ్చు. దీనికి పబ్లిషర్ కన్ఫర్మ్ ఉంది. డ్యూరబుల్ క్యూకు వెళ్లే పెర్సిస్టెంట్ సందేశం డిస్క్‌పై పడ్డాకే బ్రోకర్ ఆ కన్ఫర్మ్ పంపుతుంది. కన్ఫర్మ్ అందేవరకు సందేశాన్ని తమ దగ్గరే ఉంచుకోవలసిన బాధ్యత పంపేవారిదే. ఇప్పటికే డ్యూరబుల్ కాని క్యూ ఉంటే, అదే పేరుతో లక్షణాలు మార్చి ప్రకటిస్తే 406 ఎర్రర్‌తో ఛానల్ (కనెక్షన్ లోపల సందేశాలు నడిచే దారి) మూసుకుపోతుంది కనుక, కొత్త పేరుతో క్యూ తయారుచేసి పాతదాన్ని ఖాళీ అయ్యాక తొలగించండి.

కన్ఫర్మ్ గురించి ఇంకొక్క మాట, ఎందుకంటే అనుభవజ్ఞులు కూడా ఇక్కడ పొరబడడం చూశాను. రౌటింగ్ కీ (సందేశం ఏ క్యూకు వెళ్లాలో తేల్చే చిరునామా) తప్పుగా రాసినందువల్ల సందేశం ఏ క్యూకూ చేరకపోతే, ఎక్స్ఛేంజ్ (బ్రోకర్‌లో సందేశాలను క్యూలకు పంచే భాగం) దాన్ని నిశ్శబ్దంగా పారేస్తుంది, పైగా కన్ఫర్మ్ కూడా ఇస్తుంది. బ్రోకర్ దృష్టిలో ఆ సందేశం విషయంలో చేయవలసినది పూర్తయింది మరి. అందువల్ల పంపేటప్పుడు మాండేటరీ ఫ్లాగ్ (దారి దొరకని సందేశాన్ని తిప్పి పంపమనే గుర్తు) పెట్టి, తిరిగివచ్చిన సందేశాలను పట్టుకునే కోడ్ రాయాలి, లేదా ఎక్స్ఛేంజ్‌కు ప్రత్యామ్నాయ ఎక్స్ఛేంజ్ ఒకటి కట్టి, దారి దొరకనివన్నీ ఒక క్యూలో పోగయ్యేలా చూడాలి.

పరీక్షకు కావలసిన సరంజామా చిన్నదే. పదివేల సందేశాలను వరుస సంఖ్యలతో పంపే స్క్రిప్ట్ ఒకటి, అందుకున్న ప్రతి సంఖ్యను ఫైలులో రాసుకుని కొంచెం ఆగి అక్ (పని అయిందని బ్రోకర్‌కు తెలిపే సంకేతం) ఇచ్చే వర్కర్ ఒకటి ఉంటే చాలు. పంపే స్క్రిప్ట్ తనకు కన్ఫర్మ్ వచ్చిన సంఖ్యలను మాత్రమే వేరే ఫైలులో రాయాలి. చివరికి రెండు ఫైళ్లను సార్ట్ చేసి పోల్చితే, కన్ఫర్మ్ వచ్చిన సంఖ్యలలో వర్కర్ ఫైలులో లేనిది ఒక్కటి కూడా ఉండకూడదు. వర్కర్ ఫైలులో కొన్ని సంఖ్యలు రెండుసార్లు రావచ్చు. అది తప్పు కాదు, ఈ పద్ధతి స్వభావమే అంత.

మొదట వర్కర్‌ను పడగొట్టండి. సందేశాలు నడుస్తుండగా కిల్ మైనస్ 9తో (ప్రాసెస్‌ను అక్కడికక్కడే ఆపే కమాండ్) దాన్ని చంపి, రాబిట్‌ఎంక్యూసీటీఎల్ (బ్రోకర్‌ను నిర్వహించే కమాండ్) ద్వారా క్యూలో సిద్ధంగా ఉన్నవి, అక్ రానివి విడివిడిగా చూడండి. అక్ రానివన్నీ వెంటనే సిద్ధంగా ఉన్నవాటిలోకి తిరిగి చేరాలి. చేరకుండా మాయమైతే మీ వర్కర్ ఆటోమేటిక్ అక్ (పని పూర్తయ్యేదాకా ఆగకుండా, సందేశం పంపగానే అందినట్లు లెక్కవేయడం) మీద నడుస్తోందని అర్థం. ప్రీఫెచ్ (అక్ ఇవ్వకుండా ఒక వర్కర్ దగ్గర ఒకేసారి ఉండగల సందేశాల సంఖ్య) పరిమితి పెట్టకపోతే బ్రోకర్ క్యూ మొత్తాన్ని ఒకే వర్కర్ మీద కుమ్మరిస్తుంది, పక్కన పెట్టిన రెండో వర్కర్ ఖాళీగా కూర్చుంటుంది. నేను పనిని బట్టి 10 నుంచి 50 మధ్య పెడతాను. తిరిగి వచ్చిన సందేశాన్ని మళ్లీ చేసినా నష్టం లేకుండా వర్కర్‌ను రాయవలసిందే. మా ఎస్సెమ్మెస్ పనిలో ఆర్డర్ సంఖ్యను డేటాబేస్‌లో యూనిక్‌గా రాసుకున్నాకే పంపడం అందుకే.

తర్వాత బ్రోకర్. సిస్టమ్‌సీటీఎల్‌తో రీస్టార్ట్ చేసి చూడడం తేలిక పరీక్ష, ఎందుకంటే బ్రోకర్‌కు సర్దుకునే సమయం దొరుకుతుంది. కిల్ మైనస్ 9 కొంత కఠినమైనది. కానీ అది కూడా డిస్క్‌ను పరీక్షించదు. ప్రాసెస్ చచ్చినా అది రాసిన డేటా కెర్నెల్ పేజీ క్యాష్‌లో భద్రంగానే ఉంటుంది, కెర్నెల్ తీరిగ్గా డిస్క్‌కు రాసేస్తుంది. కరెంటు పోయినప్పుడు ఏమవుతుందో తెలియాలంటే కెర్నెల్‌ను కూడా ఒక్కసారిగా పడగొట్టాలి. వర్చువల్ మెషిన్ అయితే హైపర్‌వైజర్ నుంచి హార్డ్ రీసెట్ ఇవ్వవచ్చు, లేదా రూట్‌గా సిస్‌ఆర్‌క్యూ ట్రిగ్గర్ ఫైలులో బి అన్న అక్షరం రాస్తే, సింక్ చేయకుండానే మెషిన్ అక్కడికక్కడే రీబూట్ అవుతుంది. పరీక్షా సర్వర్‌పై మాత్రమే చేయండని వేరే చెప్పనక్కరలేదనుకుంటాను. లేచాక పంపే ప్రోగ్రాం, వర్కర్ రెండూ వాటంతట అవే మళ్లీ కనెక్ట్ అయ్యాయా, రెండు ఫైళ్ల లెక్క సరిపోయిందా అన్నవి చూడండి.

నా దృష్టిలో అన్నిటికంటే విలువైనది, దాదాపు ఎవరూ చేయనిది నెట్‌వర్క్ తెగే పరీక్ష. ప్రాసెస్‌ను చంపినప్పుడు కెర్నెల్ సాకెట్‌ను మూసి అవతలివారికి చెబుతుంది కనుక బ్రోకర్‌కు వెంటనే తెలుస్తుంది. మధ్యలో ఫైర్‌వాల్ కనెక్షన్‌ను మరచిపోయినప్పుడో, స్విచ్ ఆగినప్పుడో ఎవరూ ఎవరికీ ఏమీ చెప్పరు. ఊరికే ఎదురుచూస్తూ కూర్చున్న వర్కర్‌కు కనెక్షన్ తెగిందని టీసీపీ తనంతట తాను చెప్పదు. కనెక్షన్ బతికుందో లేదో అప్పుడప్పుడు చూసే కీప్ అలైవ్ వాడినా లినక్స్‌లో దాని డిఫాల్ట్ 7200 సెకన్లు, అంటే రెండు గంటలు. ఈ లోటును పూడ్చేది హార్ట్‌బీట్, అంటే బతికే ఉన్నామని రెండు వైపులా తరచుగా పంపుకునే చిన్న సంకేతం. రాబిట్‌ఎంక్యూ డిఫాల్ట్‌గా 60 సెకన్లు సూచిస్తుంది. వర్కర్ మెషిన్‌పై ఐపీటేబుల్స్‌తో 5672 ట్రాఫిక్‌ను రెండు వైపులా డ్రాప్ చేయండి. రిజెక్ట్ చేయకూడదు, అది అవతలివారికి కబురు చెప్పేస్తుంది. ఒకటి రెండు నిమిషాల్లో అక్ రాని సందేశాలు క్యూలోకి తిరిగి రావాలి, రూల్ తీసేశాక వర్కర్ తనంతట తాను మళ్లీ కలవాలి. పైథాన్‌లో పైకా లైబ్రరీ బ్లాకింగ్ కనెక్షన్ వాడేవారు ఇక్కడ మరింత జాగ్రత్తగా ఉండాలి. వర్కర్ సుదీర్ఘమైన పనిలో ఉండగా హార్ట్‌బీట్ పంపే అవకాశం ఉండదు కనుక, బ్రోకర్ అది చచ్చిందనుకుని కనెక్షన్ మూసేసి అదే పనిని ఇంకొకరికి ఇస్తుంది. పనిని వేరే థ్రెడ్‌లో నడపడం దీనికి సరైన విరుగుడు. హార్ట్‌బీట్‌ను పూర్తిగా ఆపేయమనే సలహాలు కనిపిస్తాయి కానీ నేను వాటిని అంగీకరించను. ఇంతేకాక, సందేశం అందుకున్న 30 నిమిషాల్లో అక్ ఇవ్వకపోతే డిఫాల్ట్‌గా ఛానల్ మూసుకుపోతుందన్నది గంటల తరబడి సాగే పనులు ఉన్నవారు తెలుసుకోవాలి.

మెమరీ నిండినప్పుడు బ్రోకర్ పంపేవారిని ఆపేస్తుంది, ఎర్రర్ ఇవ్వదు. వెబ్‌సైట్ కారణం లేకుండా బిగుసుకుపోయినట్లు కనిపిస్తుంది. దీన్ని పరీక్షించడానికి మెమరీ నింపనవసరం లేదు. రాబిట్‌ఎంక్యూసీటీఎల్‌తో మెమరీ వాటర్‌మార్క్‌ను (ఎంత మెమరీ వాడాక పంపేవారిని ఆపాలో చెప్పే హద్దు) 0కు దించితే వెంటనే అలారం మోగుతుంది. ఆ స్థితిలో మీ అప్లికేషన్ ఏం చేస్తుందో చూసి, మళ్లీ పాత విలువ పెట్టండి (3.13 వరకు డిఫాల్ట్ 0.4, 4.0 నుంచి 0.6). పంపడానికి, అందుకోవడానికి వేర్వేరు కనెక్షన్లు ఉండాలనడానికి కారణం కూడా ఇదే. ఒకే కనెక్షన్ అయితే అది ఆగినప్పుడు అక్‌లు కూడా ఆగిపోయి క్యూ ఖాళీ అయ్యే దారే ఉండదు. డిస్క్ ఖాళీ పరిమితి (ఖాళీ ఇంతకంటే తగ్గితే బ్రోకర్ పంపేవారిని ఆపుతుంది) డిఫాల్ట్‌గా 50 ఎంబీ మాత్రమే, నిజమైన పనికి అది ఏ మూలకూ చాలదు. కొన్ని జీబీలకు పెంచండి.

మీకు మూడు సర్వర్లు పెట్టే స్తోమత ఉంటే 3.8లో వచ్చిన కోరమ్ క్యూలకు (సందేశాల ప్రతులను పలు సర్వర్లలో ఉంచేవి) వెళ్లండి. పాత మిర్రర్డ్ క్యూలను 4.0లో తీసేశారు కనుక వాటి గురించి రాసిన సూచనలను అనుసరించవద్దు. 4.0 నుంచి కోరమ్ క్యూలో ఒక సందేశం తిరిగివచ్చే పరిమితి డిఫాల్ట్‌గా 20. డెడ్ లెటర్ ఎక్స్ఛేంజ్ (విఫలమైన సందేశాలను వేరే క్యూకు పంపేది) పెట్టకపోతే ఆ పరిమితి దాటిన సందేశం తొలగిపోతుంది. వర్కర్‌ను ప్రతిసారీ కూలదోసే ఒక చెడ్డ సందేశాన్ని కావాలని పంపి, అది డెడ్ లెటర్ క్యూలో తేలిందో లేదో కూడా చూడండి. వేగం కొలవడానికి రాబిట్‌ఎంక్యూ వారి పెర్ఫ్‌టెస్ట్ ఉంది, కానీ పై లెక్కలు సరిపోయాకే దాని జోలికి వెళ్లడం నయం.