పాప ‘ఉంగా’ అంటే మీరేమంటారు?

ప్రశ్న: డాక్టర్ గారూ, మా పాపకి 8 నెలలు. పగలు నేను ఆఫీసుకి వెళ్తాను, మా అత్తయ్య చూసుకుంటారు. మూడేళ్ల లోపే మెదడంతా తయారైపోతుందని, తర్వాత ఎంత చేసినా లాభం లేదని ఎక్కడో చదివిన దగ్గర్నుంచి నాకు ఒకటే టెన్షన్. ఆఫీసులో ఒకావిడ వాళ్ల బాబుకి ఫ్లాష్ కార్డులు, మొజార్ట్ సంగీతం, రైమ్స్ వీడియోలు అన్నీ మొదలుపెట్టేసింది. మా అత్తయ్య మాత్రం రోజంతా పాపతో ఏవో కబుర్లు చెబుతూ కూర్చుంటారు. ఏం కొనమంటారు?

జవాబు: ఏమీ కొనకండమ్మా. ఆ ‘ఏవో కబుర్లే’ మీ పాపకి ఇప్పుడు కావలసింది.

మీరు చదివినదాంట్లో సగం నిజముంది. పుట్టినప్పుడు మెదడు పెద్దవాళ్ల మెదడులో దాదాపు నాలుగో వంతు ఉంటుంది, మొదటి ఏడాదిలోనే రెట్టింపవుతుంది, మూడేళ్లకి 80 శాతం సైజుకి వచ్చేస్తుంది. ఈ వయసులో నాడీకణాల మధ్య సెకనుకి 10 లక్షలకు పైగా కొత్త కనెక్షన్లు పుడతాయని అంచనా. అవన్నీ ఉండిపోవు. మనుషులు నడిచే కాలిబాట గట్టిపడి, నడవని బాట గడ్డి మొలిచి పోయినట్టు, వాడినవి నిలుస్తాయి, మిగతావి రాలిపోతాయి. అయితే మూడేళ్లకే తలుపులు మూసేస్తారన్నది మాత్రం తప్పు. నిగ్రహం, ముందుచూపు లాంటివి చూసుకునే మెదడు ముందు భాగం 20 ఏళ్లు దాటాక కూడా ఇంకా తయారవుతూనే ఉంటుంది.

మరి ఆ బాట మీద నడిచేది ఎవరు? పాప ‘ఉంగా’ అంటుంది, మీ అత్తయ్య గారు ‘అవునా తల్లీ, ఇంకేంటి?’ అంటారు, పాప ఒక్క క్షణం ఆగి ఆవిడ ముఖంలోకి చూసి మళ్లీ ఏదో అంటుంది. ఇంతే. ఈ ఇచ్చిపుచ్చుకోవడం ఎంత అవసరమో 1970ల్లో ఎడ్వర్డ్ ట్రోనిక్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త చూపించారు. తల్లుల్ని కాసేపు బిడ్డతో మామూలుగా ఆడమని, ఆ తర్వాత కొద్ది నిమిషాలు ముఖంలో ఏ కదలికా లేకుండా బిడ్డను చూస్తూ కూర్చోమన్నారు. పిల్లలు ముందు నవ్వి చూశారు, చేతులు చాపారు, శబ్దాలు చేశారు, ఇక లాభం లేదని తెలిశాక ముఖం తిప్పేసుకున్నారు. అమ్మ ఎదురుగానే ఉంది, జవాబు మాత్రం లేదు. ఫోన్ చూసుకుంటున్నప్పుడు మన ముఖం కూడా దాదాపు అలాగే ఉంటుంది (నాదీ అంతే, మా ఇంట్లో వాళ్లు చెబుతూనే ఉంటారు). అలాగని ప్రతి కూతకీ బదులివ్వక్కర్లేదు, మామూలు ఇళ్లలో కూడా తల్లీబిడ్డలకు కుదరని క్షణాలే ఎక్కువ. మళ్లీ కలుపుకుంటే చాలు.

ఇక మొజార్ట్ సంగతి. 1993లో వచ్చిన ఒక ప్రయోగంలో కాలేజీ విద్యార్థులు 10 నిమిషాలు మొజార్ట్ విని ఒక రకం పజిల్స్ కొంచెం బాగా చేశారు, ఆ ప్రభావం కూడా పావుగంటలోపే పోయింది. అందులో పసిపిల్లలు ఒక్కరూ లేరు! అది కాస్తా పిల్లల తెలివి పెంచే సీడీల వ్యాపారం అయిపోయింది. వీడియోల గురించి కూడా చెప్పాలి. 2003లో ప్యాట్రీషియా కూల్ అనే శాస్త్రవేత్త బృందం 9 నెలల అమెరికన్ పిల్లలకి 12 సార్లు చైనా భాష మాండరిన్ వినిపించింది. మనిషి ఎదురుగా కూర్చుని ఆడిస్తూ మాట్లాడితే పిల్లలు ఆ భాషలోని శబ్దాల తేడాలు పట్టేశారు, అదే మాటలు తెర మీద వింటే ఏమీ నేర్చుకోలేదు.

కాబట్టి సాయంత్రం ఇంటికి వచ్చాక పాప దేనివైపు చూస్తే దాని పేరు చెప్పండి, స్నానం చేయిస్తూ చెప్పండి, బట్టలు వేస్తూ చెప్పండి. చెంచా పదిసార్లు కింద పడేస్తే విసుక్కోకండి, పడితే ఏమవుతుందో చూస్తోంది అంతే. కాసేపు నేల మీద వదలండి, పాకనివ్వండి. ఏడిస్తే ఎత్తుకోండి, గారాబం ఎక్కువై చెడిపోయే వయసు కాదిది. నిద్ర ఈ వయసులో పగలూ రాత్రీ కలిపి 12 నుంచి 16 గంటలు ఉండాలి, తిండిలో ఇనుము సరిపోతోందా అని మీ పిల్లల డాక్టర్‌ని అడగండి. ఎంత కోపం వచ్చినా, ఎంత అలసిపోయినా బిడ్డను పట్టి ఊపొద్దు, దానివల్ల మెదడులో రక్తస్రావం అయి ప్రాణం మీదికి రావచ్చు. తట్టుకోలేకపోతే పాపని పెద్దవాళ్ల మంచం మీద కాదు, చుట్టూ కమ్మీలున్న పిల్లల మంచం లాంటి భద్రమైన చోట వెల్లకిలా పడుకోబెట్టి పక్క గదిలోకి వెళ్లి ఊపిరి పీల్చుకుని రండి.

మీ టెన్షన్ నిద్ర పట్టనంతగా ఉన్నా, దేని మీదా మనసు లేకపోయినా అది మీ డాక్టర్‌కి చెప్పండి. కాన్పు తర్వాతి డిప్రెషన్ ఏడాది లోపు ఎప్పుడైనా రావచ్చు, వైద్యంతో తగ్గుతుంది.

ప్రశ్న: మా బాబుకి 22 నెలలు. ఫోన్ పెడితేనే తింటాడు. రోజుకి ఎంతసేపు చూపించవచ్చు సార్?

జవాబు: 2 ఏళ్లు నిండేదాకా అసలు వద్దు, తర్వాత కూడా గంటకి మించొద్దు అని 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. తెర చూస్తూ తినే పిల్లవాడికి కడుపు నిండిన సంగతి తెలియదు. మానేయించండి. నాలుగైదు రోజులు ఇల్లు పీకి పందిరి వేస్తాడు, ఓ రెండు పూటలు సరిగా తినడు, ఆకలేస్తే తనే తింటాడు. అందరూ అతనితో కలిసి కూర్చుని తినండి, మీ ఫోన్లు కూడా పక్కన పెట్టి. అయినా బరువు తగ్గుతుంటే మాత్రం డాక్టర్‌కి చూపించండి.

ప్రశ్న: ఇంట్లో నేనొక భాష, మా ఆవిడ ఒక భాష మాట్లాడతాం. దానివల్ల మా పాపకి మాటలు ఆలస్యమవుతాయా?

జవాబు: కావు. ఇద్దరూ ఎవరి భాష వాళ్లు హాయిగా మాట్లాడండి, కొన్నాళ్లు రెండూ కలిపేస్తే నవ్వుకోండి. రెండు భాషల్లోనూ కలిపి మాటలు లెక్కపెట్టుకోవాలి. అలా లెక్కేసినా 16 నెలలకి ఒక్క మాటా రాకపోతే, 2 ఏళ్లకి రెండు మాటలు జత చేసి చెప్పకపోతే, లేదా వచ్చిన మాటలు ఏ వయసులోనైనా పోతే, ఆ నెపం రెండు భాషల మీదికి నెట్టి ఆగకుండా ముందు వినికిడి పరీక్ష చేయించండి.