పదో తరగతి పాపకు జ్ఞాపకశక్తి టానిక్ కాదు, ముందు రక్త పరీక్ష చేయించండి

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది నెల్లూరు జిల్లా కావలి. నేను టిఫిన్ బండి నడుపుతాను, మా ఆయన రొయ్యల గుంటల దగ్గర నైట్ డ్యూటీ చేస్తారు. మా పాపకు 15 ఏళ్లు, జిల్లా పరిషత్ హైస్కూల్లో పదో తరగతి. మొన్నటిదాకా బాగానే చదివేది. హాఫ్ ఇయర్లీలో లెక్కలు, ఫిజికల్ సైన్స్ మార్కులు బాగా పడిపోయాయి. సంక్రాంతి సెలవులయ్యాక మరీ ఘోరం, పుస్తకం పట్టుకుంటే నిద్ర, చదివింది గుర్తుండట్లేదంటుంది, సాయంత్రానికి తలనొప్పి. స్లిప్ టెస్ట్ ఉన్న రోజు పొద్దున్నే కడుపునొప్పి అంటుంది. రాత్రి పన్నెండు దాకా ఫోన్లో నోట్సు చూసుకుంటుంది, నేను పిండి పనికి నాలుగింటికి లేస్తాను కాబట్టి తననూ అప్పుడే లేపి కూర్చోబెడుతున్నాను. పొద్దున టీ తప్ప ఏమీ తినదు, ఊరికే డబ్బాలోంచి బియ్యం తీసుకుని నములుతూ ఉంటుంది, తిడితే మానట్లేదు. జ్ఞాపకశక్తికి మంచి టానిక్ చెప్పండి. సాయంత్రం ఇంకో ట్యూషన్ పెట్టించమంటారా? ఇంకో మాట, ఫిబ్రవరిలో ఒంగోలులో మా అన్న కూతురి పెళ్లి ఉంది, తీసుకెళ్లాలా, ఇంట్లో ఉంచి చదివించాలా?

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో అన్నిటికంటే ముఖ్యమైన సంగతి మీరు చివర్లో తిట్టి వదిలేసిన బియ్యం సంగతే. ఆ వయసు ఆడపిల్ల పచ్చి బియ్యం, బలపాలు, మట్టి, ఐస్ ముక్కలు ఇలాంటివి పదే పదే నములుతుంటే మేం మొదట అనుమానించేది ఐరన్ లోపం. అది చెడ్డ అలవాటని తిడితే మానదు, ఎందుకంటే ఒంట్లో ఐరన్ తగ్గినప్పుడు ఆ కోరిక దానంతటదే పుడుతుంది, ఐరన్ నిండితే చాలామందిలో దానంతటదే పోతుంది. బియ్యం తినడం వల్ల రక్తం తగ్గుతుందని మన దగ్గర అంటుంటారు. సాధారణంగా జరిగేది తిరగేసి ఉంటుంది, రక్తం తగ్గడం వల్లే బియ్యం మీదికి మనసు పోతుంది.

ఐరన్ తగ్గితే నీరసం ఒక్కటే కాదు. ధ్యాస నిలవదు, చదివింది ఎక్కదు, తల బరువుగా ఉంటుంది, మెట్లెక్కితే ఆయాసం, చిరాకు. రక్తహీనత ఇంకా పూర్తిగా బయటపడక ముందే, ఐరన్ నిల్వలు అడుగంటినప్పుడే ఇవి మొదలు కావచ్చు. అందుకే హిమోగ్లోబిన్ బాగానే ఉందని రిపోర్టు వచ్చినా బియ్యం నమలడం ఆగకపోతే ఒంట్లో ఐరన్ నిల్వ ఎంతుందో చెప్పే ఫెరిటిన్ పరీక్ష కూడా అడగండి. ఇది మీ ఇంట్లో మాత్రమే ఉన్న సమస్య అనుకోకండి, 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15 నుంచి 19 ఏళ్ల అమ్మాయిల్లో 59 శాతం మందికి రక్తహీనత ఉంది. సగానికి పైగా అన్నమాట. వాళ్లలో ఎంతమంది ఇళ్లలో "బద్ధకం ఎక్కువైంది" అనిపించుకుంటూ ఉంటారో మీరే ఊహించుకోండి.

కాబట్టి ఈ వారమే పాపను ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకెళ్లి సంపూర్ణ రక్త పరీక్ష చేయించండి, డబ్బు ఖర్చు పెట్టి పెద్ద ప్యాకేజీలేమీ అక్కర్లేదు. ఈ వయసు అమ్మాయికి హిమోగ్లోబిన్ కనీసం 12 గ్రాములు ఉండాలి. అంతకంటే తక్కువైతే రక్తహీనత, 8 కంటే తక్కువైతే తీవ్రమైనది, అప్పుడు ఆలస్యం చేయకూడదు. డాక్టరుకు నెలసరి గురించి కూడా చెప్పండి, ఏడు రోజులకు మించి అవుతోందా, గంటకో రెండు గంటలకో ప్యాడ్ మార్చాల్సి వస్తోందా అన్నది ముఖ్యం. పిల్ల సిగ్గుపడి చెప్పదు, మీరు ముందే అడిగి తెలుసుకుని వెళ్లండి. థైరాయిడ్ చూడాలా వద్దా అన్నది పరీక్షించిన డాక్టరు నిర్ణయిస్తారు.

బడిలో వారానికొకటి నీలం రంగు ఐరన్ మాత్ర ఇస్తారు కదా, అది వేసుకుంటోందో లేదో కూడా మెల్లగా అడగండి. కడుపులో తిప్పుతుందని చాలామంది పిల్లలు జేబులో వేసుకుని దారిలో పారేస్తారు, ఇది టీచర్లకూ తెలుసు. అయితే ఆ వారపు మాత్ర లోపం రాకుండా కాపాడటానికి. లోపం వచ్చేశాక అది చాలదు, డాక్టరు రాసిన మోతాదులో విడిగా మాత్రలు వాడాలి. టీతోనో పాలతోనో వేస్తే ఐరన్ సరిగా ఒంటికి పట్టదు, టీకీ మాత్రకీ కనీసం గంట తేడా ఉండాలి, నిమ్మరసమో జామకాయో తోడైతే బాగా పడుతుంది. పరగడుపున తిప్పుతుంటే తిన్నాక వేయండి. మలం నల్లగా వస్తే కంగారు పడకండి, ఐరన్ వేసుకుంటే అలాగే ఉంటుంది. మూడు నాలుగు వారాల్లో హిమోగ్లోబిన్ సుమారు ఒక గ్రాము పెరగాలి, అంటే ఇప్పుడు మొదలుపెడితే మార్చి పరీక్షల నాటికి పిల్లలో మార్పు మీకే కనిపిస్తుంది. కానీ బాగుందని ఆపేయకండి, హిమోగ్లోబిన్ మామూలుకు వచ్చాక కూడా నిల్వలు నిండటానికి ఇంకో రెండు మూడు నెలలు వాడాలి. నులిపురుగుల మాత్ర ఫిబ్రవరిలో బడిలో ఇస్తారు, అది కూడా మింగించండి.

ఇక టానిక్. జ్ఞాపకశక్తి పెంచుతుందని సీసా మీద రాసి అమ్మేవాటిలో ఆరోగ్యంగా ఉన్న పిల్లకు మార్కులు తెచ్చిపెట్టేదని నిరూపణ అయినది ఏదీ లేదు. బలానికని వేసే సూది మందులూ అంతే, లోపం ఉందని తేలితేనే వాటికి అర్థం. ఆ డబ్బుతో నెల రోజుల గుడ్లు వస్తాయి.

రెండో సంగతి నిద్ర. ఇది చెబితే మీకు కోపం రావచ్చు. పన్నెండుకు పడుకుని నాలుగింటికి లేస్తే నాలుగు గంటలు. 13 నుంచి 18 ఏళ్ల పిల్లలకు కావాల్సింది 8 నుంచి 10 గంటలు. బ్రహ్మ ముహూర్తంలో చదివితే బాగా వస్తుందన్నది త్వరగా పడుకునే రోజుల మాట. పైగా ఈ వయసులో ఒంట్లో గడియారమే కొంచెం వెనక్కి జరుగుతుంది, నిద్ర తెప్పించే మెలటోనిన్ పెద్దవాళ్లకంటే ఆలస్యంగా మొదలవుతుంది, అందుకే తొమ్మిదింటికి పడుకోమన్నా పడుకోలేరు, తెల్లవారుజామున లేపితే లేవలేరు. అది మొండితనం కాదు. పగలు చదివింది మెదడులో స్థిరపడేది చాలావరకు నిద్రలోనే, మీరు నాలుగింటికి లేపినప్పుడల్లా రాత్రి చదివినదాన్ని సగంలో ఆపేస్తున్నట్టే. ఇంకోటి చూడండి, పబ్లిక్ పరీక్షల్లో చాలా పేపర్లు జరిగేది పొద్దున 9:30 నుంచి 12:45 దాకా. పిల్ల బుర్ర చురుగ్గా ఉండాల్సింది ఆ మూడుంపావు గంటలు. అర్ధరాత్రి మెలకువగా ఉండటం అలవాటు చేసి, పరీక్ష హాల్లో ఆవలించేలా చేయడం ఎందుకు?

మీరు నాలుగింటికి లేవక తప్పదు, బండి పని అలాంటిది. పాపను మాత్రం ఆరింటిదాకా పడుకోనివ్వండి, గ్రైండర్ మోతకు మెలకువ వస్తుందంటే పిండి రాత్రే రుబ్బుకోవడం కుదురుతుందేమో చూడండి. రాత్రి పదింటికి దీపం ఆర్పేయాలి. సాయంత్రం ఐదు తర్వాత టీ వద్దు, అందులోని కెఫీన్ గంటల తరబడి ఒంట్లో ఉంటుంది. ఫోన్ పూర్తిగా లాక్కోమని చెప్పను, ఎందుకంటే ఇప్పుడు బడి నోట్సూ ప్రశ్నపత్రాలూ వాట్సాప్ గ్రూపులోనే వస్తున్నాయి, అది టీచర్లు పెట్టిన పద్ధతి, పిల్ల తప్పు కాదు. ఏడింటికి ఫోన్ ఇచ్చి కావాల్సింది కాగితం మీద రాసుకోమనండి, ఎనిమిదిన్నరకు అది మీ దిండు కింద ఉండాలి. మీరు కూడా రీల్స్ చూడటం అప్పటికి ఆపితే మంచిది, లేకపోతే ఈ నియమం రెండు రోజులు కూడా నిలవదు.

ట్యూషన్ వద్దు. నిద్ర లేదు, రక్తం లేదేమోనని అనుమానం, దానికి తోడు ఇంకో రెండు గంటల ట్యూషన్ అంటే గోరుచుట్టు మీద రోకటిపోటే. బడిలో ఎలాగూ స్టడీ అవర్స్ పెడతారు. దాని బదులు లెక్కల టీచర్నీ, ఫిజికల్ సైన్స్ టీచర్నీ ఒకసారి కలవండి, మీకు వీలు కాకపోతే మీ ఆయన డ్యూటీ దిగి వచ్చేటప్పుడు కలుస్తారు. ఒకటే అడగండి: ఈ మిగిలిన వారాల్లో మా పాప ఏ పాఠాలు గట్టిగా పట్టుకోవాలి, ఏవి వదిలేసినా ఫర్వాలేదు? మంచి టీచరు ఐదు నిమిషాల్లో చెప్పేస్తారు. వెనకబడిన పిల్లలు ఈ చివరి వారాల్లో చేసే పని ఏమిటంటే మొదటి పేజీ నుంచి మళ్లీ అంతా మొదలుపెట్టడం, వారం తిరిగేసరికి ఎక్కడా తేలక చేతులెత్తేయడం. పాస్ మార్కు 35 అని, మొత్తం 600 అని పాపకు తెలుసు, ఎదురింటివాళ్లకు ఐదొందలు దాటుతాయని కూడా తెలుసు, ఆ రెండో సంగతి ఇంట్లో ఎత్తకండి.

చదివింది గుర్తుండట్లేదంటే ఎలా చదువుతోందో ఓసారి పక్కన కూర్చుని చూడండి. గైడు ముందు పెట్టుకుని అదే జవాబును పైకి పదిసార్లు చదువుతోందా? అలా చదివితే వచ్చినట్టే అనిపిస్తుంది, తెల్లారేసరికి ఉండదు. ఒకసారి చదివి, పుస్తకం మూసి, చూడకుండా కాగితం మీద రాయాలి, తర్వాత తెరిచి ఏం వదిలేసిందో ఎర్ర పెన్నుతో దిద్దుకోవాలి. మర్నాడు మళ్లీ ఒకసారి, మూడు నాలుగు రోజులకు ఇంకోసారి. మొదట్లో చాలా చిరాకేస్తుంది, తప్పులే కనిపిస్తాయి, అయినా గుర్తుండేది ఇలాగే. ముప్ఫై నలభై నిమిషాలకోసారి లేచి నాలుగడుగులు వేయమనండి. మీకు చదవడం రాకపోయినా ఫర్వాలేదు, పుస్తకం మూసిందా లేదా అన్నది చూడటానికి చదువు అక్కర్లేదు.

తలనొప్పికి కళ్లు కూడా చూపించండి. బోర్డు మీద అక్షరాలు కనబడట్లేదని పిల్లలు చెప్పరు, పక్కదాని నోట్సు చూసి రాసుకుంటారు. ప్రభుత్వ ఆసుపత్రిలో కంటి పరీక్ష చేస్తారు.

పొద్దున కాలి కడుపుతో టీ తాగి వెళ్లే పిల్లకు పదకొండింటికి తల తిరగక ఏమవుతుంది? ఊరందరికీ ఇడ్లీ పెట్టే ఇంట్లో పిల్ల తినకపోవడం ఏమిటంటే, తెల్లవారుజాము నుంచి ఆ వాసన పీల్చి మొహం మొత్తి ఉంటుంది, పోనీ రాత్రి అన్నంలో పెరుగు కలిపి ఉంచి పెట్టండి, లేదా ఉడికించిన గుడ్డు, అరటిపండు. బడిలో రాగిజావ ఇచ్చే రోజుల్లో తాగమనండి. వారానికి రెండుసార్లు చేపల పులుసో, లివరో ఉంటే మంచిది, శనగలు, తోటకూర సరేసరి.

స్లిప్ టెస్ట్ రోజు కడుపునొప్పి నాటకం కాదు. టెన్షన్‌కు నిజంగానే కడుపు నొస్తుంది. పరీక్ష అయ్యాక తగ్గిపోతుంటే భయపడక్కర్లేదు, ఆ పొద్దున "ఈసారైనా" అనే మాట అనకుండా పంపండి. అయితే నొప్పికి నిద్రలో మెలకువ వస్తున్నా, బరువు తగ్గుతున్నా, వాంతులు, జ్వరం ఉన్నా అది వేరే, చూపించాలి.

ఒకటి మాత్రం జాగ్రత్తగా గమనించండి. రెండు వారాలకు పైగా ఎవరితోనూ మాట్లాడకుండా ఉండటం, ఇష్టమైనవి కూడా వదిలేయడం, "నేను లేకపోతే మీకు బాధ ఉండదు" లాంటి మాటలు, చేతుల మీద గాట్లు, వీటిలో ఏది కనిపించినా మార్కుల సంగతి పక్కన పెట్టి అదే రోజు డాక్టరు దగ్గరకు తీసుకెళ్లండి, ఒంటరిగా వదలకండి. "చచ్చిపోవాలనిపిస్తోందా" అని సూటిగా అడగొచ్చు, అడిగినందువల్ల ఆ ఆలోచన పుట్టదు, పైగా పిల్ల మనసు విప్పే వీలుంటుంది. మనసు బాగోలేనివాళ్లకు సాయం చేసే ప్రభుత్వ ఫోన్ సేవ టెలి మానస్ నంబరు 14416, ఉచితం, రాత్రీ పగలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు, పాపే కాదు మీరూ చేయొచ్చు.

పెళ్లికి తప్పకుండా తీసుకెళ్లండి. ఒక్క రోజుకు చదువు ఎక్కడికీ పోదు, ఇంట్లో ఒంటరిగా కూర్చోబెడితే చదవదు, ఏడుస్తుంది. ఒంగోలు ఎంత దూరమని, ముహూర్తం చూసుకుని సాయంత్రం రైలుకు వచ్చేయండి, పుస్తకాల సంచి మాత్రం వద్దు. అక్కడ "పదోదా, ఎన్ని మార్కులొస్తాయి" అని అడిగే చుట్టాలు ఎలాగూ ఉంటారు, వాళ్లకు జవాబు మీరే చెప్పండి, పాప చేత చెప్పించకండి. రక్త పరీక్ష రిపోర్టు వచ్చాక హిమోగ్లోబిన్ ఎంతుందో, డాక్టరు ఏ మాత్ర రాశారో ఇక్కడికే మళ్లీ రాయండి.