ఈటె విరిగాక ఏం మిగులుతుందో చూసి గుర్రపు దళాన్ని ఎంచుకోండి

మీరు అడిగింది ఇది: "నలుగురు స్నేహితులం వార్‌హామర్ ఫాంటసీ ఎనిమిదో ఎడిషన్ రూల్స్‌తో ఆడుతున్నాం. నిండు కవచాలు వేసుకున్న గుర్రపు దళాల్లో అన్నిటికన్నా బలమైనది ఏది? ఎంపైర్ తీసుకోవాలా, కేయాస్ తీసుకోవాలా, ఎల్ఫుల వైపు వెళ్లాలా?"

చిన్న బొమ్మల సైన్యాల్ని బల్ల మీద పాచికలతో పోరాడించే ఆట ఇది; ఎంపైర్, కేయాస్, ఎల్ఫులు అందులోని సైన్యాలు. ముందు సూటిగా జవాబు చెప్పేస్తాను. గుర్రాల మీద వెళ్లే దళాల్లో నా ఓటు కేయాస్ నైట్స్‌కే, అదీ ఈటెలతో కాదు, వాళ్ల మంత్రించిన ఆయుధాలతో. గుర్రమే కానక్కర్లేదు అంటే ఎంపైర్ వాళ్ల డెమీగ్రిఫ్ నైట్స్. ఎందుకన్నది తెలియకుండా కొంటే మాత్రం ఈ రెండూ మీకు పనికిరావు. అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను.

2012లో నేను నాటింగ్‌హామ్‌లో ఎమ్మెస్ చదువుతున్నాను. ఈ ఆట తయారు చేసే గేమ్స్ వర్క్‌షాప్ ప్రధాన కార్యాలయం ఉన్న ఊరే అది. నేనూ, కరీంనగర్ నుంచి వచ్చిన మా రూమ్మేటూ డబ్బులు కలిపి ఎవరో వాడేసిన ఎంపైర్ సైన్యాన్ని కొన్నాం. చెరి సగం పంచుకుని వంటింటి బల్ల మీద ఆడేవాళ్లం. నా వాటాకి పదిమంది నైట్లు వచ్చారు. ఆ చలికాలమంతా సాయంత్రాలు కూర్చుని వాళ్లకి రంగులు వేశాను. టోపీ మీద ఈకలు తెలుపు, గుర్రం మీద కప్పిన గుడ్డ ఎరుపు. ఒక్కో గుర్రానికి రెండు రాత్రులు పట్టింది.

వాళ్లని మొదటిసారి ఛార్జ్‌కి, అంటే ఎదుటి దళం మీదకి దూసుకెళ్లడానికి, పంపిన రోజు నాకు పాచికలతో సహా గుర్తుంది. ఎదురుగా మావాడి హాల్బర్డ్ (పొడుగు కర్రకి బిగించిన గొడ్డలి) సైనికులు నలభైమంది, వరసకి ఐదుగురు చొప్పున ఎనిమిది వరసలు. మధ్య దూరం 14 అంగుళాలు. కవచం తొడిగిన గుర్రం నడక 7 అంగుళాలు. దానికి మూడు పాచికలు వేసి పెద్దవి రెండూ కలుపుకోవాలి. 5, 4, 2 పడ్డాయి. 7కి 9 కలిపితే 16, అందాం. ఛార్జ్ చేసిన టర్న్‌లో ఈటె రెండు బలం ఇస్తుంది కాబట్టి మూడు బలం ఉన్న నైట్ ఐదు బలంతో కొడతాడు. ఏడుగురు పడిపోయారు, నా వాళ్లలో ఒక్కడు కూడా పడలేదు. లెక్క చూశాం: చంపినందుకు ఏడు, ఛార్జ్‌కి ఒకటి, జెండాకి ఒకటి, వెనక వరసకి ఒకటి, నాకు పది. మావాడికి వెనక వరసలకి గరిష్ఠంగా వచ్చే మూడు, జెండాకి ఒకటి, మొత్తం నాలుగు. ఆరు తేడాతో గెలిచాను.

అంతకుముందు ఎడిషన్‌లో అయితే ఆ ఆరూ వాళ్ల నాయకత్వంలోంచి తీసేసేవాళ్లం. ఓడినవాళ్లు వేసే రెండు పాచికల మొత్తం ఆ అంకె దాటితే పారిపోతారు. 9 ఉన్నవాళ్లు 3 వేయాలి. రెండు పాచికల మీద 3గానీ అంతకన్నా తక్కువగానీ పడే అవకాశం పన్నెండింట ఒకటి. సైన్యం చెల్లాచెదురు అయిపోయేది. మావాడు నెమ్మదిగా రూల్ పుస్తకం నా వైపు తిప్పాడు. "వరసలు లెక్కపెట్టు రా" అన్నాడు. ఏడుగురు పోయినా వాళ్లకి ఆరు నిండు వరసలు మిగిలాయి, నాకు రెండు. ఎవరికి వరసలు ఎక్కువ ఉంటే వాళ్లు స్టెడ్‌ఫాస్ట్. ఎంత తేడాతో ఓడినా నాయకత్వం తగ్గదు, 9 మీదే వేస్తారు. 8 పడింది, నిలబడ్డారు. ఒకవేళ 10 పడినా, పన్నెండు అంగుళాల లోపల సైన్యం పెద్ద జెండా ఉంది కనక మళ్లీ వేసుకునేవాడు. రెండు అవకాశాల్లోనూ ఓడిపోవడం 36లో ఒక్కసారి మాత్రమే జరుగుతుంది.

తర్వాతి టర్న్‌కి ఈటెల బలం లేదు, మళ్లీ మూడు బలమే. ఈసారి పడింది నలుగురు. ఆ పై టర్న్‌లో మావాడి గ్రేట్‌సోర్డ్స్ (పెద్ద కత్తుల కాలిబలం) పక్క నుంచి వచ్చి గుద్దారు. పదిమందీ బల్ల అంచు దాటి పారిపోయారు.

ఎనిమిదో ఎడిషన్‌లో గుర్రపు దళాన్ని ఎంచుకునేటప్పుడు నేను అడిగే ప్రశ్న ఆ రాత్రి నుంచే వచ్చింది. మొదటి దెబ్బ ఎంత గట్టిది అని అందరూ చూస్తారు. నేను రెండో టర్న్‌లో, ఈటె విరిగాక ఆ దళం చేతిలో ఏముంటుంది అని చూస్తాను. ఎందుకంటే ఈ ఎడిషన్‌లో పెద్ద కాలిబలం మొదటి దెబ్బకి దాదాపు ఎప్పుడూ పారిపోదు.

ఈ ప్రశ్నతో కేయాస్ నైట్స్‌ని చూడండి. యుద్ధ నైపుణ్యం 5, బలం 4, దృఢత్వం 4, ఒక్కొక్కరికి రెండేసి దెబ్బలు. కేయాస్ కవచం, డాలు, గుర్రం, గుర్రానికి తొడుగు అన్నీ కలిపి ఆర్మర్ సేవ్ (గాయాన్ని కవచం ఆపాలంటే పాచిక మీద పడాల్సిన కనీస అంకె) 1+. వాళ్ల మంత్రించిన ఆయుధం ఒక్క బలం ఇస్తుంది, కానీ ప్రతి టర్న్‌లోనూ ఇస్తుంది. దానికి బదులు ఈటె తీసుకోవచ్చు, అప్పుడు ఛార్జ్‌లో 6, ఆ తర్వాత 4. కొత్తగా ఆడేవాళ్లందరూ ఆ 6 చూసి ఈటె తీసుకుంటారు. నేనూ అదే చేశాను.

ఒకసారి కాగితం మీద లెక్క కట్టండి. అదే నలభైమంది హాల్బర్డ్ సైనికుల దృఢత్వం 3, కవచం 6+. బలం 5తో కొడితే 2+ మీద గాయం, బలం 6తో కొట్టినా 2+ మీదే గాయం. ఆ 6+ కవచం ఐదు బలానికే పనికిరాకుండా పోతుంది. అంటే మామూలు మనుషుల మీదా, ఎల్ఫుల మీదా ఆ అదనపు బలం గాయం చేసేటప్పుడు ఒక్క పిసరంత కూడా కలిసి రాదు. డ్వార్ఫుల లాంటి గట్టివాళ్ల మీద తేడా ఉంటుంది: దృఢత్వం 4 మీద ఐదు బలానికి 3+ కావాలి, ఆరు బలానికి 2+ చాలు. ఆ తేడా కూడా ఒక్క టర్న్‌కే.

ఐదుగురు కేయాస్ నైట్లు ఒకే వరసలో నిలబడి, అందులో ఒకడు ఛాంపియన్ (దళనాయకుడు) అయితే, సగటున గుర్రాలతో కలిపి ఏడెనిమిది మందిని పడగొడతారు. నా పదిమంది ఎంపైర్ నైట్లు ఈటెలతో ఛార్జ్ చేసినప్పుడు చేసిన పని అది. వీళ్లు ఐదుగురే చేస్తారు, రెండో టర్న్‌లోనూ అంతే చేస్తారు, మూడో టర్న్‌లోనూ అంతే. పాయింట్ల ఖర్చు (సైన్యం కూర్చేటప్పుడు దళానికి లెక్కగట్టే వెల) చూస్తే ఆ ఐదుగురూ ఈ పదిమందీ ఇంచుమించు ఒకటే. ఎంపైర్ నైట్లకి ఈటె, డాలు తీసేసి రెండు చేతుల పెద్ద కత్తి ఇవ్వొచ్చు, దానికి ప్రతి టర్న్‌లో రెండు బలం. అయితే అందరికన్నా చివర కొట్టాలి, డాలు పోయి సేవ్ 2+కి దిగుతుంది. పదిమంది ఉంటే నేనిప్పుడు అదే ఇస్తాను.

డెమీగ్రిఫ్‌ల సంగతి వేరు. సగం గద్ద, సగం సింహం లాంటి జంతువు. 2012లో ఎంపైర్ కొత్త పుస్తకంతో వచ్చాయి. ఇక్కడ బలం రౌతుది కాదు, జంతువుది. ఐదు బలంతో మూడు దెబ్బలు, పైగా కవచాన్ని చీల్చే గోళ్లు. ఈటె విరిగినా గోళ్లు విరగవు కదా. ఒక్కో మోడల్ పోవాలంటే మూడు గాయాలు కావాలి, 1+ సేవ్, కాలిబలాన్ని తొక్కే దెబ్బ అదనం. నలుగురిని పక్క నుంచి పంపితే ఎదుటివాడి మొహంలో నెత్తురు చుక్క ఉండదు.

మరి వీటినే అన్నిటికన్నా బలమైనవి అనేయొచ్చా? ఎదుటివాడి దగ్గర ఫిరంగి ఉంటే అనలేం. ఫిరంగి గుండు బలం 10, కవచం పనిచేయదు, ఒక్కో దెబ్బకి ఒక పాచిక వేసినన్ని గాయాలు. ఒక గాయం ఉన్న నైట్‌కి ఆరు గాయాలైనా పోయేది ఒక్కడే. మూడు గాయాల డెమీగ్రిఫ్‌కి 3 నుంచి 6 దాకా ఏది పడినా మొత్తం పోతుంది. మీ నలుగురిలో ఎవరైనా డ్వార్ఫులో ఎంపైరో ఆడుతుంటే, ముందు ఆ ఫిరంగుల పని పట్టే దారి చూసుకుని అప్పుడు డెమీగ్రిఫ్‌లు కొనండి. కేయాస్ వాళ్ల స్కల్‌క్రషర్స్‌కీ ఇదే వర్తిస్తుంది. ఇనుప దున్నల్లాంటి జగ్గర్‌నాట్‌ల మీద వచ్చే వాళ్లు ఎదురుబొదురు పోరులో డెమీగ్రిఫ్‌లకి ఏమాత్రం తీసిపోరు, ఫిరంగి ముందు మాత్రం వాళ్లదీ అదే గతి.

ఎల్ఫుల డ్రాగన్ ప్రిన్సెస్ మీద నాకు చాలా ఇష్టం, చూడ్డానికి అంత అందమైన దళం ఇంకోటి లేదు. అందరికన్నా ముందు కొడతారు, తప్పిన దెబ్బలు చాలాసార్లు మళ్లీ వేసుకుంటారు, గుర్రాలకి తొడుగు ఉన్నా వేగం తగ్గదు. కానీ అసలు బలం 3. రెండో టర్న్ ప్రశ్న దగ్గర ఆగిపోతారు. చిన్న దళాల్నీ, మంత్రగాళ్లనీ, ఫిరంగి వెనక ఉన్న ముగ్గురినీ వేటాడటానికి వాడండి. పెద్ద కాలిబలం మీదకి పంపొద్దు.

బ్రెటోనియా గ్రెయిల్ నైట్స్ బలం 4, రెండేసి దెబ్బలు, దేవి ఆశీర్వాదం వల్ల కవచం పోయినా ఇంకో సేవ్ ఉంటుంది. ముగ్గురేసి వరసలుగా బాణం మొనలా వెళ్లే వాళ్ల ఛార్జ్‌ని ఒకసారైనా బల్ల మీద చూడాలి. కానీ వాళ్ల పుస్తకం 2004ది, ఎనిమిదో ఎడిషన్‌కి కొత్తది రానే లేదు. డార్క్ ఎల్ఫుల కోల్డ్ వన్ నైట్స్ గట్టివాళ్లే. అయితే ఆ బల్లులకి మందబుద్ధి ఉంది. నాయకత్వం 9 ఉన్నా ఆరింట ఒకసారి పరీక్ష తప్పుతారు, ఆ టర్న్‌లో ఛార్జ్ లేదు. వ్యాంపైర్ల బ్లడ్ నైట్స్ ఐదు బలంతో వస్తారు, కాగితం మీద కేయాస్ నైట్స్ కన్నా పైనే. కాకపోతే పిచ్చికోపం ఉన్న దళం, ఎర వేస్తే లాక్కుపోవచ్చు.

ఎర మాట వచ్చింది కాబట్టి దాని గురించి చెప్పాలి. ఎంత బలమైన గుర్రపు దళమైనా ఓడేది కత్తికి కాదు, ఒక్క గద్దకి. హై ఎల్ఫుల గ్రేట్ ఈగిల్ ఒకదాన్ని తెచ్చి మీ నైట్ల ముక్కు ముందు వాలుగా నిలబెడతారు. ఛార్జ్ చేయకపోతే దారి మూసుకుపోయింది. చేస్తే గద్ద చస్తుంది, మీ దళం దాని వాలుకి తిరిగిపోయి ఎటో చూస్తూ నిలబడుతుంది. మళ్లీ తిప్పుకుని రావడానికి ఒక టర్న్. ఆరు టర్న్‌ల ఆటలో రెండు పోయాయి. నా కేయాస్ నైట్స్‌ని ఒకాయన ఇలా రెండు గద్దలతో ఆట మొత్తం తిప్పాడు. ఒక్క ఎల్ఫ్‌ని కూడా ముట్టుకోలేకపోయాను. ఆ తర్వాత నుంచి నైట్ల ముందు ఐదు వేటకుక్కల గుంపు ఒకటి పెట్టుకుంటున్నాను, గద్ద వస్తే వాటిని వదులుతాను. అడవిలోంచి ఛార్జ్ కూడా చేయకండి. ఒక్కో రౌతుకి ఒక పాచిక, 1 పడితే కవచం లేకుండా గాయం. ఐదుగురిలో ఇద్దరు చెట్ల మధ్యే పోయిన రోజు ఉంది నాకు.

ఇక స్టెడ్‌ఫాస్ట్‌ని విరవడం. దళం ఏదైనా మీరు నేర్చుకోవాల్సింది ఇదే. గుర్రాల్ని ఒంటరిగా పంపొద్దు. ముందు మీ కాలిబలాన్ని, ఎదుటివాళ్ల కన్నా ఎక్కువ వరసలు ఉండేలా పేర్చి, ఎదురుగా తగిలించండి. యాభైమంది ఉంటే ఐదుగురు చొప్పున పది వరసలు. వాళ్లు గెలవక్కర్లేదు, నిలబడితే చాలు. అదే టర్న్‌లో గానీ ఆ పై టర్న్‌లో గానీ గుర్రాలు పక్క నుంచి రావాలి. ఇప్పుడు ఆ పోరులో వరసలు మీవే ఎక్కువ కాబట్టి వాళ్లకి స్టెడ్‌ఫాస్ట్ లేదు. గుర్రాలు ఐదుగురేసి రెండు నిండు వరసల్లో ఉంటే వాళ్ల వెనక వరసల మూడు పాయింట్లు కూడా పోతాయి. అచ్చం ఇలాగే నాటింగ్‌హామ్ వదిలి వచ్చే ముందు చివరి ఆటలో, అదే తెల్ల ఈకల పదిమందిని మావాడి హాల్బర్డ్‌ల పక్కకి పంపాను. ఆరు తేడా, పెద్ద జెండా కూడా ఉంది, అయినా 3 వేయాల్సి వచ్చింది. రెండుసార్లూ 7 దాటింది. మావాడు ఒక్కో ట్రేని తీసి పెట్టెలో సర్దుతూ "ఇన్నాళ్లూ వీళ్లని ఎందుకు దాచినవ్?" అన్నాడు.

2024 జనవరిలో వచ్చిన వార్‌హామర్ ఓల్డ్ వరల్డ్ అనే కొత్త రూల్స్‌కి మీరు ఎప్పుడైనా మారితే ఈ లెక్కలు తిరగబడతాయి. అక్కడ ఫస్ట్ ఛార్జ్ రూల్ ఉన్న దళం మొదటి ఛార్జ్ తగిలిన టర్న్‌లో ఎదుటివాళ్ల వెనక వరసల పాయింట్లు చెల్లవు. ఓడినవాళ్లు నిలబడినా వెనక్కి జరగాల్సి వస్తుంది. ఈటెకి పోయిన విలువ చాలావరకు తిరిగొచ్చింది. అందులో బ్రెటోనియాని నేను ముందు పెడతాను. గుర్రాల బేస్‌లు (బొమ్మ కింది పీటలు) కూడా మారాయి, పాతవి 25×50 మిల్లీమీటర్లు, అక్కడ 30×60. అందుకే మోడల్స్‌ని బేస్‌కి పూర్తిగా అంటించేయకుండా అయస్కాంతం పెట్టుకోండి, తర్వాత మార్చుకోవచ్చు.

మీ ప్రశ్నలో ఎవరు ఏ సైన్యం ఆడుతున్నారో రాయలేదు. ఫిరంగులు లేని బల్ల అయితే డెమీగ్రిఫ్‌ల పెట్టెలు రెండు కొనండి, పెట్టెకి మూడు చొప్పున ఆరు వస్తాయి, అంతకు మించి అక్కర్లేదు. ఫిరంగులు ఉంటే కేయాస్ నైట్స్ ఐదుగురి పెట్టె ఒకటి తీసుకుని, మిగతా డబ్బు ఎక్కువ వరసల కాలిబలం మీద పెట్టండి. చేతుల్ని అంటించేటప్పుడు ఈటెలు పక్కన పెట్టి కత్తులు, గదలు అంటించండి.