గిటార్ యాంప్‌కి ఏ స్పీకర్ వేయాలి? – పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: మా చర్చిలో ఆరాధనకి ఎలక్ట్రిక్ గిటార్ వాయిస్తాను. సెకండ్ హ్యాండ్‌లో కొన్న 30 వాట్ల ట్యూబ్ యాంప్ (గాజు వాల్వులతో పనిచేసేది) ఉంది. 12 అంగుళాల స్పీకర్ ఒక్కటే, వెనక 8 ఓమ్స్ అని రాసి ఉంది. క్రిస్మస్ కార్యక్రమం దగ్గర్నుంచి లావు తీగ మీటితే చాలు, గరగరమంటోంది. ఒకరు సెలెస్టియన్ కంపెనీ గ్రీన్‌బ్యాక్ స్పీకర్, 25 వాట్లది వేయమన్నారు, ఇంకొకరు అదే కంపెనీ వింటేజ్ 30 అన్నారు. కార్లకి సౌండ్ సిస్టమ్‌లు బిగించే మా బావ 300 వాట్ల ఊఫర్ వేస్తే జన్మలో పోదంటున్నాడు. ఏది వేయమంటారు సార్?
– ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: పోయింది స్పీకరేనా అన్నది ముందు తేల్చుకోండి. "స్పీకర్ పోయింది" అంటూ నా బల్ల మీదికి వచ్చిన యాంపుల్లో కొన్నింటికి వెనక చెక్క స్క్రూ వదులై ఉంటుంది, కొన్నింటికి ట్యూబ్ సాకెట్‌లో కదులుతూ ఉంటుంది. యాంప్ ఆపి, ప్లగ్ పీకి, స్పీకర్ విప్పి బల్ల మీద ముఖం పైకి ఉండేలా పెట్టండి. రెండు బొటనవేళ్లూ నడిమి టోపీకి అటూ ఇటూ ఆనించి, కోన్‌ని (కదిలి శబ్దం చేసే గరాటు భాగాన్ని) తిన్నగా, మెల్లిగా నొక్కి వదలండి. చెవి దగ్గరగా పెట్టండి. చప్పుడు లేకుండా మెత్తగా దిగి లేస్తే కాయిల్ (కోన్ వెనక ఉండే తీగచుట్ట) రాసుకోవడం లేదన్నమాట. మాడిన గిన్నె అడుగు గరిటెతో గీకినట్టు వినిపిస్తే కాయిల్ మ్యాగ్నెట్ సందులో రాసుకుంటోంది. అప్పుడు కొత్తది కొనాల్సిందే.

కొనేటప్పుడు అన్నిటికంటే ముందు చూడాల్సింది ఓమ్స్, అంటే స్పీకర్ కరెంటుకి ఎంత అడ్డు ఇస్తుందన్న లెక్క. వెనక 8 అని ఉంది కాబట్టి 8 ఓమ్స్ స్పీకరే తెచ్చుకోండి. ట్యూబ్ యాంప్‌లో ట్యూబులకీ స్పీకర్‌కీ మధ్య అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ ఉంటుంది, దాన్ని ఆ లెక్కకే చుట్టి ఉంటారు. మల్టీమీటర్ పెడితే 6, 7 మధ్య చూపిస్తుంది, కంగారు పడకండి. 8 ఓమ్స్ స్పీకర్ మీటర్‌కి అలాగే కనిపిస్తుంది. ఒక్కటి మాత్రం బాగా గుర్తుపెట్టుకోండి: స్పీకర్ విప్పేశాక "పనిచేస్తోందో లేదో చూద్దాం" అని ట్యూబ్ యాంప్‌ని ఆన్ చేసి వాయించకండి. ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతే కొత్త స్పీకర్ కన్నా పెద్ద ఖర్చు.

ఇక మీ బావగారి 300 వాట్ల మాట. స్పీకర్ మీద రాసిన వాట్లు లారీ మీద రాసిన టన్నుల్లాంటివి. అంత మోయగలదని అర్థం, అంత గట్టిగా మోగుతుందని కాదు. ఎంత గట్టిగా మోగుతుందో చెప్పేది డెసిబెల్ అంకె. స్పీకర్‌కి ఒక వాట్ ఇచ్చి మీటరు దూరంలో కొలిచిన శబ్దం అది. సెలెస్టియన్ బ్లూ అనే పాత స్పీకర్ మోసేది 15 వాట్లే, దాని అంకె 100. వాక్స్ ఏసీ30 అనే గిటార్ యాంప్‌లో అవి రెండే ఉండి హాలంతా మోగించేవి. కారు ఊఫర్లలో చాలావాటికి ఆ అంకె 90 చుట్టూనో అంతకంటే తక్కువో ఉంటుంది. పది డెసిబెల్స్ తగ్గితే మీ 30 వాట్ల యాంప్ మూడు వాట్ల యాంప్‌లా వినిపిస్తుంది. పైగా ఆ ఊఫర్లు కింది బేస్ కోసం చేసినవి, గిటార్ గొంతు ఉండేది మధ్య స్థాయిలో. వాటిలో చాలావరకు 4 ఓమ్సే. కార్ల విషయంలో మీ బావగారి మాట వినండి, దీనికి మాత్రం వద్దు.

గ్రీన్‌బ్యాక్ నాకెంతో ఇష్టమైన స్పీకర్. మ్యాగ్నెట్ మీది ఆకుపచ్చ మూతే దానికి ఆ పేరు తెచ్చింది. కానీ 25 వాట్లది ఒక్కటే మీ యాంప్‌ని మోయలేదు. 1960ల చివర్లో మార్షల్ కంపెనీ స్పీకర్ పెట్టెల్లో అవి నాలుగు కలిసి బరువు పంచుకునేవి. ట్యూబ్ యాంప్ పూర్తిగా పెంచి గరుకుగా వాయిస్తే రాసిన 30 కంటే చాలా ఎక్కువే వదులుతుంది. అందుకే ఒక్క స్పీకర్ ఉన్నచోట రెట్టింపు, అంటే 60 వాట్లకి తగ్గకుండా చూసుకోమంటాను.

ఆ లెక్కకి వింటేజ్ 30 సరిపోతుంది. పేరులో 30 ఉన్నా అది 60 వాట్లది, 100 డెసిబెల్స్. కాకపోతే పై మధ్య స్వరాల్ని ముందుకు తోస్తుంది. డ్రమ్స్, రెండు గిటార్లు ఉన్న రాక్ బ్యాండ్‌లో అదే దాని గొప్ప. గ్రానైట్ నేల, స్లాబు కప్పు ఉన్న చర్చిలో అదే శబ్దం గోడలకి కొట్టుకుని పాడేవాళ్ల గొంతు మీద పడుతుంది. మీ చోటికి నేను సెలెస్టియన్ వాళ్లదే క్రీమ్‌బ్యాక్ జీ12ఎం-65 వేస్తాను. 65 వాట్లు, 97 డెసిబెల్స్, గ్రీన్‌బ్యాక్ లాంటి మెత్తదనం. వింటేజ్ 30 కంటే మూడు డెసిబెల్స్ తక్కువంటే యాంప్ వాట్లు సగమైనట్టే, అయినా చర్చికి అది చాలు. కొనేటప్పుడు 8 ఓమ్స్‌దే అడగండి, 16 ఓమ్స్‌ది కూడా వస్తుంది.

బిగించే ముందు కొత్త మ్యాగ్నెట్ లోతు కొలిచి, ట్యూబులకి తగలదని చూసుకోండి. ప్లస్ వైరు ప్లస్‌కే. స్క్రూలు ఎదురెదురుగా కొంచెం కొంచెం బిగించండి. ఒకేసారి బలంగా తిప్పితే ఫ్రేము వంగి కొత్త కాయిల్ కూడా రాసుకుంటుంది. కోన్ మీద అట్టముక్క పెట్టుకోవడం మరవద్దు. ఈ పనిలోకి వచ్చిన కొత్తలో నా చేతిలో స్క్రూడ్రైవర్ జారి, ఒక కుర్రాడు ఆరు నెలలు దాచుకుని కొన్న స్పీకర్ కోన్‌కి రూపాయి బిళ్ళంత చిల్లు పడింది. వేరేది కొనిచ్చాను. ఆ అబ్బాయి ముఖం ఇప్పటికీ నా కళ్ల ముందు ఉంది. అప్పట్నుంచి అట్ట లేకుండా స్క్రూ ముట్టుకోలేదు.

మొదటి కొన్ని గంటలు శబ్దం బిగుసుకున్నట్టు ఉంటుంది. వాయించే కొద్దీ కోన్ అంచు వదులై నెమ్మదిస్తుంది. మొదటి రోజే నచ్చలేదని తిరిగి ఇచ్చేయకండి.

ప్రశ్న: మా కాలేజీ బ్యాండ్ క్యాబినెట్‌లో 8 ఓమ్స్ స్పీకర్లు రెండున్నాయి. ఒకటి మార్చి వేరే రకం కలపొచ్చా? యాంప్‌కి 4, 8, 16 మూడు సాకెట్లూ ఉన్నాయి.
– ఒక విద్యార్థిని, విశాఖపట్నం

జవాబు: కలపొచ్చమ్మా, చాలామంది అలాగే చేస్తారు. కొత్తది కూడా 8 ఓమ్సే ఉండాలి, డెసిబెల్ అంకెలు దగ్గరగా ఉండాలి. లేకపోతే గట్టిగా మోగేదే వినిపిస్తుంది, రెండోది ఉన్నా లేనట్టే. రెండు ఎనిమిదుల్ని ప్యారలల్‌గా కలిపితే 4, సిరీస్‌లో కలిపితే 16. ఎలా కలిపితే ఆ సాకెట్టే వాడండి. మధ్యలో ఉన్న 8కి మీ పెట్టె సరిపోదు.

యాంప్ నుంచి క్యాబినెట్‌కి గిటార్ కేబుల్ పెట్టకండి. చివర్లు ఒకేలా ఉంటాయి గానీ లోపలి తీగ వెంట్రుకంత ఉంటుంది. ఏలూరు దగ్గర ఒక పెళ్లిలో మా ఆర్కెస్ట్రా కుర్రాళ్లు తొందరలో అదే పెట్టారు. మూడో పాటకి కేబుల్ చేత్తో పట్టుకోలేనంత వేడెక్కింది, నాలుగో పాటకి యాంప్ మూగబోయింది. స్పీకర్ కేబుల్ అని అడిగి, లావుపాటి రాగితీగ ఉన్నదే కొనండి.

ప్రశ్న: ఇంట్లో 10 వాట్ల ప్రాక్టీస్ యాంప్ ఉంది, 6 అంగుళాల స్పీకర్. మంచిది వేస్తే శబ్దం మారుతుందా?
– ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: కొంచెం మారుతుంది, కానీ అంత చిన్న పెట్టెకి ఆ డబ్బు దండగ. నేల మీద నుంచి తీసి, మీ చెవి ఎత్తుకి కుర్చీ మీద పెట్టి, బేస్ కాస్త తగ్గించి వారం రోజులు వాయించండి. అప్పటికీ తృప్తి లేకపోతే ఆ డబ్బుని 12 అంగుళాల స్పీకర్ ఉన్న పాత యాంప్ కోసం దాచుకోండి. దొరికితే, కొనే ముందు ఆ స్పీకర్ వెనక లేబుల్ ఫోటో తీసి నాకు పంపండి.