తెలుగుదేశం సంగతి అడిగితే మా ఊరి కరణం గుర్తొస్తాడు

తెలుగుదేశం ఎలా పుట్టింది, దాని ప్రభావం ఇంకా ఉందా అని అడిగారు. బేగంపేట విమానాశ్రయంలో అప్పటి ముఖ్యమంత్రి అంజయ్యగారికి రాజీవ్ గాంధీ చేతిలో జరిగిన అవమానం, 1982 మార్చి 29న ఎన్.టి.రామారావుగారి పార్టీ ప్రకటన, చైతన్యరథం మీద ప్రచారం, తొమ్మిది నెలల్లో అధికారం: ఈ కథ టీవీవాళ్లు ఎన్నికలు వచ్చినప్పుడల్లా చెబుతూనే ఉంటారు. ఐదేళ్లలో ఢిల్లీ కాంగ్రెసు పెద్దలు మార్చిన నలుగురు ముఖ్యమంత్రులను చూసిన జనానికి ఢిల్లీ మీద కోపం రావడంలో వింత లేదు. అయితే ఢిల్లీ మాకు చాలా దూరం. చంద్రగిరి దగ్గర మా పల్లెకు అప్పట్లో ప్రభుత్వమంటే ఊరి భూముల లెక్కలు రాసే కరణమే.

పంట రుణానికి అడంగల్ (ఏ పొలంలో ఎవరు ఏ పంట వేశారో చూపే లెక్క) నకలు కావలసి వచ్చి మా నాన్న ఆయన ఇంటికి వెళితే నేనూ వెంట వెళ్లాను. నాన్న భుజం మీది తువ్వాలు తీసి చేత్తో పట్టుకుని, అరుగు కింద ఎండలో నిలబడ్డాడు. తెచ్చిన వేరుశనక్కాయల గంప లోపలికి పోయింది. కరణం భోంచేసి, కునుకు తీసి, బయటికి వచ్చి, "లెక్కలు చూడాలి, రేపు రా" అన్నాడు. మా పొలం మాదేనని చెప్పే కాగితం ఆయన ఇంట్లో, ఎర్రగుడ్డ మూటలో ఉండేది.

1984లో రామారావుగారు కరణం, మునసబు (శిస్తు వసూలు చేసే ఊరి పెద్ద) పదవులను రద్దు చేశారు. ఆ మూటలు ఎడ్లబండి మీద తాలూకా ఆఫీసుకు వెళుతుంటే ఊరంతా వీధిలోకి వచ్చి చూసింది. మరుసటి ఏడు మండలాలు వచ్చాయి. అక్కడా లంచాలు తప్పలేదు, కాదనను. కానీ గుమాస్తా బల్ల ముందు మా నాన్న కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

అందుకే "సినిమా మోజుతో గెలిచాడు" అనేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. మోజే అయితే, మా తిరుపతిలోనే 2008లో పార్టీ పెట్టిన చిరంజీవిగారికి మరుసటి ఏడు 294 సీట్లలో పద్దెనిమిదే ఎందుకు వచ్చాయి? మేము మాత్రం ఇద్దరినీ గెలిపించాం. 1983లో తిరుపతిలోనూ గుడివాడలోనూ గెలిచిన రామారావుగారు మమ్మల్ని వదిలి గుడివాడను ఉంచుకున్నారు, ఆ గుర్రు నాకు ఇప్పటికీ ఉంది. పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం ఇచ్చారు కాబట్టి సరిపెట్టుకున్నాం.

ప్రభావం అంటారా? రెండు రూపాయల కిలో బియ్యం చూడండి. రామారావుగారి హామీకి పోటీగా 1983 ఎన్నికల ముందే అప్పటి కాంగ్రెసు ముఖ్యమంత్రి కోట్ల విజయభాస్కరరెడ్డిగారు రూపాయి తొంభై పైసలకు ఇస్తామన్నారు. 1996లో రామారావుగారి అల్లుడు చంద్రబాబునాయుడుగారే ధరను మూడున్నర చేస్తే, 2008లో కాంగ్రెసు ముఖ్యమంత్రి రాజశేఖరరెడ్డిగారు మళ్లీ రెండు రూపాయలకు తెచ్చారు. ఇంకా అనుమానముంటే ఏదైనా చౌకధరల దుకాణం ముందు నిలబడి, చౌక బియ్యం పథకం ఎత్తేస్తామని అని చూడండి.