సింగ్ నగర్‌లో కింద వాటా ఇల్లు కొనొచ్చా?

విజయవాడ అజిత్ సింగ్ నగర్ దగ్గర గ్రౌండ్ ఫ్లోర్ ఇల్లు తక్కువకి వస్తోంది, వరద ముప్పు ఎంతుందో ఎలా తెలుసుకోవాలి అని అడిగారు. 2024 సెప్టెంబరు వరదప్పుడు నేను ఆ దగ్గర్లోనే పాయకాపురంలో కింద వాటాలో అద్దెకుండేవాణ్ణి. నాకు తెలిసింది చెప్తాను.

ముందు నీళ్ళు ఎటునుంచి వస్తాయో కనుక్కోండి. మేం బోల్తా పడింది అక్కడే. శనివారం రాత్రి టీవీ ముందు కూర్చుని ప్రకాశం బ్యారేజీకి ఎన్ని లక్షల క్యూసెక్కులు వస్తున్నాయో చూస్తున్నాం. కృష్ణకీ మనకీ మధ్య ఊరంతా ఉంది, మనకేంటిలే అనుకున్నాం. తెల్లారి లేచేసరికి బాత్రూం జాలీలోంచి నల్లటి నీళ్ళు బుడబుడమంటూ పైకొస్తున్నాయి. వీధి ఇంకా పొడిగానే ఉంది. కాసేపటికి గడప దాటాయి.

వచ్చింది కృష్ణ కాదు, బుడమేరు. మైలవరం వైపు కొండల్లో పుట్టి కొల్లేట్లో కలిసే ఏరు అది. వరదొస్తే వెలగలేరు దగ్గర మళ్ళించి, డైవర్షన్ కాలవ ద్వారా కృష్ణలోకి వదులుతారు. కానీ అప్పుడు కృష్ణే నిండుగా ఉంది. సెప్టెంబరు 2న బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కులు, రికార్డు. ఇక ఈ నీళ్ళు ఎక్కడికి పోతాయి? కాలవ గట్టుకి గండ్లు పడ్డాయి, పల్లంలో ఉన్నది మేము. రెండూ ఒకేసారి పొంగితే ఆ పేటలకి పెద్ద గండం.

ఇల్లు చూడ్డానికి వెళ్తే ఓనర్ని, బ్రోకర్ని అడక్కండి. వీధి చివర ఇస్త్రీ బండి ఆయన్ని అడగండి, నడుం లోతా మెడ లోతా అనేది చెయ్యి పెట్టి చూపిస్తాడు. గోడకి ఛాతీ ఎత్తు వరకే కొత్త రంగుంటే ఎందుకో మీకే అర్థమవుతుంది. రోడ్డు మీంచి మెట్టు దిగి లోపలికి వెళ్ళాల్సొస్తే ఇక ఆలోచించక్కర్లేదు. ఇస్రో వాళ్ళ భువన్ సైట్లో వరద మ్యాపులుంటాయి, అవీ చూడండి గానీ, గల్లీ స్థాయిలో ఇస్త్రీ ఆయన మాటే నాకు గట్టిది.

నా మటుకు నేనైతే కింద వాటా కొనను. ఫస్ట్ ఫ్లోరైతే సరే, డాబా మీదకి దారి ఉండాలి, దానికి తాళం ఉండకూడదు. మాకు ఆ తాళం వెతకడంతోనే సగం ప్రాణం పోయింది.

ఫ్రిజ్ బరువు కదా, కదలదనుకున్నాను. నీళ్ళు నడుం దాకా రాగానే తేలి, పక్కకి ఒరిగి, వంటింటి తలుపుకి అడ్డం పడింది. బియ్యం డబ్బా లోపలే ఉండిపోయింది. సర్టిఫికెట్లు, దస్తావేజులు మాత్రం అటక మీద ప్లాస్టిక్ కవర్లో ఉండబట్టి దక్కాయి.

ఇంకోటి, బండి. నీళ్ళు తీశాక ఆత్రం కొద్దీ సెల్ఫ్ కొట్టాను. ఇంజన్ పోయింది. మునిగితే ఇస్తాం, స్టార్ట్ చేసి పాడుచేసుకుంటే ఇవ్వం అన్నారు ఇన్సూరెన్స్ వాళ్ళు. మునిగిన బండిని తోసుకుంటూ మెకానిక్ దగ్గరికి తీసుకెళ్ళాలంతే. పాలసీలో ఇంజన్ ప్రొటెక్షన్ ఉందో లేదో ఇప్పుడే చూసుకోండి.

అడ్వాన్స్ మాత్రం తొందరపడి ఇవ్వకండి. ఆగస్టులో పెద్ద వాన పడిన మర్నాడు పొద్దున్నే వెళ్ళి, ఆ వీధి డ్రెయిన్ ఎటు పారుతోందో చూసి రండి.