హుషారుగా ఉన్న ఆ మూడు వారాల సంగతి డాక్టరుకు చెప్పారా?

ప్రశ్న: నాకు 33 ఏళ్లు. ఖమ్మంలో ప్రైవేటు స్కూల్లో టీచర్‌ని. నాలుగేళ్ల కింద ఉన్నట్టుండి గుండె దడ, చెమటలు, ఊపిరాడనట్టు అయింది. ఈసీజీ, టూడీ ఎకో తీసి అంతా నార్మల్ అన్నారు. మొదటి డాక్టర్ యాంగ్జైటీ అన్నారు. రెండో డాక్టర్ డిప్రెషన్ అని ఎస్సిటాలోప్రామ్ ఇచ్చి, 20 ఎంజీ దాకా పెంచారు. ఆ మందుతో ఒక మూడు వారాలు జీవితంలో ఎప్పుడూ లేనంత హుషారుగా ఉన్నాను, తర్వాత మళ్లీ మామూలే. ఇప్పుడు హైదరాబాద్‌లో మూడో డాక్టర్ బైపోలార్ (మూడ్ కొన్నాళ్లు మరీ పైకి, కొన్నాళ్లు మరీ కిందికి పోయే జబ్బు) అని, ఆ మందు మెల్లగా ఆపించి, మూడ్‌ని పట్టి ఉంచే లిథియం రాశారు. గూగుల్‌లో చూసి భయమేసి లిథియం ఇంకా మొదలుపెట్టలేదు. ముగ్గురు మూడు జబ్బులు చెప్తే ఎవర్ని నమ్మాలి? నాకు పనిచేసిన ఆ పాత మందే మళ్లీ వేసుకోవచ్చా? జన్యు పరీక్ష చేయిస్తే సరైన మందు తెలుస్తుందంటున్నారు, నిజమేనా?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: ముందు ఒక్క మాట. ఆ పాత మందు మీ అంతట మీరు మళ్లీ మొదలుపెట్టొద్దు, ఇంట్లో సగం స్ట్రిప్ మిగిలి ఉన్నా సరే. ఎందుకో చెప్తాను, దానికి మీ మెయిల్ చివర్లో ఉన్న నాలుగు లైన్లే ఆధారం. ప్రశ్న కుదించేటప్పుడు పత్రిక డెస్క్ వాళ్లు ఆ నాలుగు లైన్లూ తీసేశారు. డాక్టర్‌గా నాకు మాత్రం మెయిల్ మొత్తంలో అన్నిటికంటే ముఖ్యమైనవి అవే.

ఆ మూడు వారాల్లో రాత్రి మూడు గంటలు పడుకున్నా సరిపోయేదని, తెల్లవారుజామున రెండింటికి లేచి ఫ్రిజ్ మొత్తం ఖాళీ చేసి కడిగానని, గాజులు కుదువ పెట్టి లక్షన్నర చీరలు తెచ్చి ఆన్‌లైన్‌లో అమ్మకం మొదలుపెట్టానని, స్టాఫ్ రూమ్‌లో అందరూ “ఏంటి మేడమ్, తెగ మాట్లాడేస్తున్నారు” అన్నారని రాశారు. మీవారు “అమ్మయ్య, మా ఆవిడ మామూలు మనిషైంది” అనుకున్నారట. అనుకుంటారు మరి. ఏడాదిగా మంచం దిగని మనిషి లేచి ఇల్లంతా సర్దుతుంటే ఎవరైనా సంతోషిస్తారు కానీ అనుమానిస్తారా!

కానీ అది మామూలు మనిషి కావడం కాకపోవచ్చు. డిప్రెషన్ తగ్గి కోలుకున్న మనిషికి నిద్ర తిరిగొస్తుంది, అవసరం లేకుండా పోదు. మూడు గంటల నిద్రతో నాలుగైదు రోజులు వరసగా అలసట లేకుండా తిరగడం, మాట వేగం పెరగడం, ఎప్పుడూ చేయనంత ఖర్చు, బుర్రలో ఒకదాని మీద ఒకటి ఐడియాలు, ఇవన్నీ కలిసి వస్తే మేం హైపోమేనియా అంటాం. అంటే ఉన్మాదం దాకా పోని, దానికి ఒక మెట్టు కిందున్న స్థితి. కనీసం నాలుగు రోజులు ఉండాలని లెక్క. బైపోలార్ స్వభావం ఉన్నవాళ్లలో ఒక్క డిప్రెషన్ మందే, మూడ్‌ని పట్టి ఉంచే మందు తోడు లేకుండా ఇచ్చినప్పుడు కొందరిని ఇలా పైకి ఎగదోస్తుంది. పైకి పోయింది పైన ఉండదు, మళ్లీ పడుతుంది. మీరు “నాకు పనిచేసింది” అంటున్న మందు పనిచేయలేదేమో, అదుపు తప్పించిందేమో అన్నది మీ మూడో డాక్టర్ అనుమానం. నేనైనా అదే అనుమానిస్తాను. మెయిల్ చూసి జబ్బు తేల్చడం మాత్రం నా పని కాదు, అది ఎదురుగా కూర్చోబెట్టుకుని గంట మాట్లాడినవాళ్లే చెప్పాలి.

ఇక్కడ ఒక తేడా గమనించాలి. ఎస్సిటాలోప్రామ్, సెర్ట్రలిన్ లాంటివి మొదలుపెట్టిన మొదటి వారంలో చాలామందికి కాలు నిలవదు, గాభరా పెరుగుతుంది, కడుపులో తిప్పుతుంది, నిద్ర పట్టదు. అది హైపోమేనియా కాదు. అందులో మనిషికి నిద్ర కావాలనిపిస్తుంది, రాదు. మీకేమో నిద్ర అక్కర్లేదనిపించింది, ఆనందంగా ఉంది. ఈ రెండూ వేరు.

ఇక ముగ్గురు మూడు జబ్బులు చెప్పారన్న సంగతి. ముగ్గురిలో ఎవరూ మోసం చేయలేదమ్మా. మొదటి డాక్టర్ దగ్గరికి గుండె దడతో వెళ్లారు, ఆయన ప్యానిక్, యాంగ్జైటీ చూశారు. రెండో ఆయన దగ్గరికి ఏడుపు, నీరసం, చావాలన్న ఆలోచనలతో వెళ్లారు, ఆయనకు డిప్రెషన్ కనిపించింది. జ్వరం వచ్చిన మొదటి రోజు టైఫాయిడో వైరలో చెప్పలేనట్టే ఇదీ, రోజులు గడిస్తే తప్ప రూపం తేలదు. బైపోలార్ చాలామందిలో ముందు డిప్రెషన్‌గానే మొదలవుతుంది, దానితోపాటు యాంగ్జైటీ కూడా ఉండడం మామూలే. పైగా హుషారుగా ఉన్నప్పుడు ఎవరూ ఓపీకి రారు. ఇన్నేళ్ల నా ప్రాక్టీసులో “సార్, నేను ఈమధ్య మరీ ఉత్సాహంగా ఉన్నాను, ఏదైనా మందు రాయండి” అంటూ తనంతట తాను వచ్చినవాళ్లు ఒక్కరూ లేరు. అందుకే అసలు జబ్బు పేరు తేలడానికి ఏళ్లు పడుతుంది. రెండో డాక్టర్‌కి ఆ చీరల సంగతి చెప్పారా? ఆయన అడగకపోతే అది ఆయన లోపం. అడిగినా మీరు చెప్పకపోతే ఆయనేం చేస్తారు?

మెయిల్లో ఇంకోటి చూశాను. థైరాయిడ్ మాత్ర 75 వేసుకుంటున్నానన్నారు, ఆఖరిసారి టీఎస్‌హెచ్ (థైరాయిడ్ రక్తపరీక్ష) ఎప్పుడు చేయించారో రాయలేదు. ఆ డోసు ఒంటికి ఎక్కువైతే దడ, చెమటలు, చేతి వణుకు, నిద్ర పట్టకపోవడం, అన్నీ యాంగ్జైటీలాగే ఉంటాయి. తక్కువైతే డిప్రెషన్‌లాగా ఉంటుంది. మూడు వందలో నాలుగు వందలో పెట్టి చేయించుకునే పరీక్ష, అది లేకుండా నాలుగేళ్లుగా మనసు మందులు మార్చుకుంటూ పోతున్నారంటే నాకు కొంచెం కోపం వచ్చిన మాట వాస్తవం. దాంతోపాటు హిమోగ్లోబిన్, బీ12 కూడా చూపించుకోండి. రోజుకు ఆరేడు టీలు తాగే అలవాటుంటే అదీ చెప్పండి.

మందుల దగ్గరికొస్తే, మొదటి డాక్టర్ ఇచ్చిన చీటీ ఫొటో పెట్టారు కదా, అందులో పేరు చివర “ప్లస్” ఉన్న బిళ్ల ఉంది. మన దగ్గర చాలామందికి తెలియని సంగతి ఇది, ఆ ఒక్క బిళ్లలో రెండు మందులుంటాయి, ఎస్సిటాలోప్రామ్, దాంతోపాటు క్లోనజెపామ్. మొదటి రోజే మీకు హాయిగా అనిపించింది రెండోదాని వల్ల. మొదటిదానికి పని మొదలుపెట్టడానికే రెండు మూడు వారాలు కావాలి, పూర్తి ఫలితం తెలియాలంటే సరైన డోసులో ఆరు వారాలైనా ఆగాలి. క్లోనజెపామ్, అల్ప్రాజోలం లాంటివి కొద్దిరోజులకు మంచివే, నెలల తరబడి వాడితే ఒళ్లు వాటికి అలవాటు పడుతుంది. మీరు ఆ బిళ్ల ఒక్కసారిగా మానేసిన వారంలో తలలో కరెంటు కొట్టినట్టు, కళ్లు తిరిగినట్టు అయిందన్నారు, అది జబ్బు తిరగబెట్టడం కాదు, మందులు హఠాత్తుగా ఆపినందుకు. క్లోనజెపామ్ అలా ఆపితే కొందరికి ఫిట్స్ కూడా వస్తాయి. ఏ మందైనా ఇష్టం లేకపోతే మానేయొచ్చు, కానీ మెల్లగా తగ్గించుకుంటూ, డాక్టరుకు చెప్పి.

మొదటి మందుతోనే అందరూ కోలుకోరు, అది మీ దురదృష్టమేం కాదు. అమెరికాలో దాదాపు నాలుగు వేలమంది డిప్రెషన్ రోగులతో చేసిన స్టార్-డి అనే పెద్ద అధ్యయనంలో మొదటి మందుతో పూర్తిగా బాగయినవాళ్లు మూడింట ఒక వంతు మాత్రమే. మిగతావాళ్లకు మార్చాల్సి వచ్చింది, జోడించాల్సి వచ్చింది. కాబట్టి మందు మార్చడం తప్పు కాదు. పది రోజులకోసారి డాక్టర్‌ని మార్చడం, ప్రతిసారీ పాత ఫైలు ఇంట్లో పెట్టి కొత్తగా మొదలుపెట్టడం, అది తప్పు.

జన్యు పరీక్ష సంగతి అడిగారు. మీ లివర్‌లో సీవైపీ2సీ19, సీవైపీ2డీ6 అనే ఎంజైములు మందుని ఎంత వేగంగా కరిగిస్తాయో అది చెప్తుంది. అంటే డోసు విషయంలో కొంత సాయం. మీకున్నది యాంగ్జైటీనా, డిప్రెషనా, బైపోలారా అన్నది అది చెప్పదు, చెప్పలేదు. ఏ రక్తపరీక్షా, ఏ స్కానింగూ ప్రస్తుతానికి అది చెప్పలేవు. వేలకు వేలు పెట్టి చేయించుకోమని నేనైతే చెప్పను. ఆ డబ్బుతో కొన్ని నెలలు మంచి సైకాలజిస్ట్ దగ్గర కౌన్సెలింగ్‌కు వెళ్లొచ్చు. ప్యానిక్‌కి సీబీటీ (ఆలోచనలూ అలవాట్లూ మార్చే కౌన్సెలింగ్) మందుతో సమానంగా పనిచేస్తుంది.

లిథియం అంటే భయపడ్డారు. మీ తప్పు లేదు, గూగుల్ అందరినీ భయపెడుతుంది. 1949లో ఆస్ట్రేలియాలో జాన్ కేడ్ అనే డాక్టర్ మొదట వాడి చూపించిన మందు ఇది, ఇన్నేళ్లయినా బైపోలార్‌లో దీన్ని మించింది దాదాపు లేదు. ఆత్మహత్య ప్రమాదాన్ని తగ్గించే గుణం కూడా దీనికుంది, మీ విషయంలో నాకు అది చిన్న సంగతి కాదు. ఇబ్బందల్లా ఒకటే. తక్కువైతే పనిచేయదు, కొంచెం ఎక్కువైతే విషమవుతుంది. రక్తంలో లీటరుకు 0.6 నుంచి 1.0 మిల్లీమోల్ మధ్య ఉండాలి, అందుకే పరీక్షలు. మొదలుపెట్టే ముందు క్రియాటినిన్ (కిడ్నీ పరీక్ష), టీఎస్‌హెచ్, కాల్షియం చూస్తారు, తర్వాత ఆరు నెలలకోసారి. థైరాయిడ్‌ని కాస్త మందగింపజేస్తుంది కాబట్టి మీ మాత్ర డోసు మార్చాల్సి రావొచ్చు.

ఖమ్మం ఎండల గురించి మీకు నేను చెప్పక్కర్లేదు. మే నెలలో చెమట పట్టి, నీళ్లు సరిగ్గా తాగకపోతే, లేదా వాంతులు విరేచనాలు పట్టుకుంటే లిథియం రక్తంలో పెరిగిపోతుంది. ఉప్పు ఒక్కసారిగా మానేసినా అంతే, బీపీ కోసమో బరువు కోసమో ఎవరో చెప్పారని చప్పిడి తిండి మొదలుపెట్టకండి. ఒళ్లు నొప్పులకు షాపులో అడిగి ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ వేసుకోవద్దు, పారాసిటమాల్ ఫర్వాలేదు. చేతివేళ్లు సన్నగా వణకడం మామూలే. కానీ వాంతులు, నడకలో తూలడం, మాట ముద్దగా రావడం, చేతులు బాగా వణకడం ఉంటే తర్వాతి మాత్ర ఆపేసి అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి, “రేపు చూద్దాంలే” అనొద్దు.

రెండో బిడ్డ గురించి ఆలోచిస్తున్నామన్నారు. ఆ మాట డాక్టరుకు ఈ వారమే చెప్పండి, గర్భం వచ్చాక కాదు. మీ వయసువాళ్లకు వాల్‌ప్రొయేట్ అనే ఇంకో మూడ్ మందు సాధ్యమైనంతవరకు ఇవ్వం, బిడ్డకు ప్రమాదం. లిథియం విషయంలోనూ ముందే ప్లాన్ వేసుకోవాలి.

చావాలన్న ఆలోచన మళ్లీ వస్తే ఎవరి అపాయింట్‌మెంటూ చూడకండి, మీవారిని తోడు తీసుకుని దగ్గర్లోని పెద్దాసుపత్రికి వెళ్లండి. 14416కి ఫోన్ చేస్తే టెలీ మానస్ అనే ప్రభుత్వ హెల్ప్‌లైన్‌లో తెలుగులో మాట్లాడతారు, డబ్బులేం అక్కర్లేదు. “బైపోలార్ అంటే ఎర్రగడ్డ కేసే కదా” అని మీ ఆడపడుచు అన్నారట. ఎర్రగడ్డ అంటే హైదరాబాద్‌లో ప్రభుత్వ మానసిక ఆసుపత్రి ఉన్న చోటమ్మా, తిట్టు కాదు. అక్కడికి రోజూ ఓపీకి వచ్చి మందులు తీసుకుని, తిరిగి బస్సెక్కి డ్యూటీకి వెళ్లే టీచర్లూ, కండక్టర్లూ, ఇంజినీర్లూ ఉన్నారు. ఆమెకు చెప్పాలనిపిస్తే చెప్పండి, లేకపోతే వదిలేయండి.

డాక్టర్‌ని మార్చకుండా కనీసం మూడు నెలలు ఈ మూడో ఆయన దగ్గరే ఉండండి. నమ్మకం కుదరకపోతే సెకండ్ ఒపీనియన్ తీసుకోండి, కానీ మొత్తం ఫైలుతో వెళ్లండి. ఒక నోట్‌బుక్‌లో నెలకో పేజీ పెట్టి, నాలుగేళ్లలో ఎప్పుడు బాగాలేదు, ఎప్పుడు మరీ బాగుంది, అప్పుడు ఏ మందు ఎంత డోసు, నిద్ర ఎన్ని గంటలు అన్నది గుర్తున్నంతవరకు రాయండి. గుర్తు లేకపోతే ఫోన్‌పే హిస్టరీ తెరిచి చూడండి, ఏ నెలలో డబ్బు నీళ్లలా పోయిందో తెలిసిపోతుంది. మీకు తెలియనివి మీవారికి తెలుస్తాయి, ఆయన్ని గది బయట కూర్చోబెట్టకండి. అమ్మగారి వైపు, నాన్నగారి వైపు ఎవరికైనా ఇలా పైకీ కిందికీ అయ్యే స్వభావం ఉందా, ఎవరైనా ఆత్మహత్య చేసుకున్నారా అనీ కనుక్కోండి. మన ఇళ్లలో ఇవి కడుపునొప్పి అని చెప్పి కప్పేస్తారు, కొంచెం గట్టిగా అడగాలి.

లిథియం మొదలుపెడితే ఐదారు రోజుల తర్వాత మొదటి లెవెల్ పరీక్ష ఉంటుంది. రాత్రి మాత్ర వేసుకున్న 12 గంటలకు రక్తం ఇవ్వాలి, పొద్దున మాత్ర ఉంటే ఇచ్చాకే వేసుకోవాలి. ల్యాబ్ వాళ్లు ఇది అడగరు, మీరే గుర్తుంచుకోండి. అన్నట్టు, అమ్ముడుపోని చీరలు ఇంకా మంచం కింద ఉన్నాయన్నారుగా. వాటి బిల్లు మీద తేదీ ఉంటుంది, దాన్ని కూడా ఫైల్లో పెట్టుకుని వెళ్లండి.